దబ్బాకు వాసన మీద అర్జీ

సాగరశాంతి కాలనీలో బారుకి వెళ్లే మనిషి ఒక్కడూ లేడు. ఇది ఎవరో అనుకుంటున్న మాట కాదు. కాలనీలో ఓటున్న రెండు వందల పన్నెండు మందీ సంతకాలు పెట్టి మరీ సర్కారుకి రాసిచ్చారు. అంతమంది పెద్దమనుషులు ఒక్క మాట మీద నిలబడ్డాక అది నిజం కాక ఏమవుతుంది?

ఆ బారు ఫిషింగ్ హార్బర్ ఐసు ఫ్యాక్టరీ వెనక సందులో ఉంది. హుద్‌హుద్ తుఫానుకి బోర్డు సగం ఎగిరిపోయింది. మిగిలిన సగం మీద 'గురు' అని ఉంది. రెండో సగం బంగాళాఖాతంలో ఎక్కడ తేలుతోందో ఆ దేవుడికే తెలియాలి. యజమాని గురునాథరావు దాన్ని మళ్లీ రాయించలేదు. తెలిసినవాళ్లకి బోర్డు అక్కర్లేదు, తెలియనివాళ్లు రానక్కర్లేదు అని ఆయన సిద్ధాంతం. లోపల నాలుగు రేకు బల్లలు, రెండు ఫ్యాన్లు. ఒక ఫ్యాను తిరుగుతుంది, రెండోది దాన్ని చూస్తూ ఉంటుంది. ఇలాంటి చోట థాయిలాండు వంట, అదీ తిన్నవాడు తన పేరు తానే మరిచిపోయేంత వంట దొరుకుతుందంటే మీరు నమ్మరు. నమ్మకండి. నమ్మితే, మీకెలా తెలుసని నలుగురూ మిమ్మల్ని అడుగుతారు.

వండేది మిరియం. మొగుడు పోయాక మస్కట్‌లో ఒక పెద్దింట్లో వంటపనికి వెళ్లి తొమ్మిదేళ్లు ఉంది. అక్కడ పెద్ద వంటగత్తె నోయి అనే థాయిలాండు మనిషి. ఈవిడ మాట ఆవిడకి రాదు, ఆవిడ మాట ఈవిడకి రాదు. మిరియం అలవాటుకొద్దీ పసుపు డబ్బా మీద చెయ్యి వేస్తే నోయి మణికట్టు మీద గరిటెతో ఒక్కటిచ్చేది. తొమ్మిదేళ్లు తిన్న ఆ దెబ్బలే మిరియం చదివిన చదువు.

తిరిగొచ్చాక సరుకులన్నీ ఊళ్లోనే వెతుక్కుంది. నిమ్మగడ్డి పెరట్లో నాటింది. థాయి వంటలో వేసే నిమ్మాకు దొరక్కపోతే మనం మజ్జిగలో వేసుకునే దబ్బాకు పట్టుకుంది. అల్లంలా ఉండే దుంపరాష్ట్రం దగ్గుమందులమ్మే కొట్లో దొరికింది. హార్బరులో దొరికే నెత్తళ్ల చేపల్ని ఉప్పేసి జాడీలో ఏడాదిపాటు ఊరబెట్టి ఆ ఊట వంచుకుంది. పెద్ద హోటళ్లకి వెళ్లి పని అడిగితే సర్టిఫికెట్టు ఏదన్నారు. మణికట్టు చూపించింది. అది చెల్లదన్నారు. గురునాథరావు ఒక్కడే గిన్నెడు రొయ్యల పులుసు తాగి, కళ్లూ ముక్కూ తుడుచుకుని, "రేపట్నుంచి వచ్చీ మిరియమ్మా" అన్నాడు.

ఆవిడ ఇల్లు కాలనీ ఆఖరి వరసలో. చర్చిలో స్త్రీల సమాజానికి పాట ఎత్తుకునే మనిషి బారులో వండుతోందంటే బాగుండదని, అడిగినవాళ్లకి "గెస్టుహౌసులో వంట" అని చెప్పేది. ఆవిడ అబద్ధం అందరికీ తెలుసు. అందరి అబద్ధాలూ ఆవిడకి తెలుసు. ఆ కాలనీ ఐకమత్యానికి పునాది అదే.

కాలనీ సంఘం అధ్యక్షులు త్రినాథరావు గారు పెద్ద ఉద్యోగం చేసి రిటైరైనవారు. శనివారం శనివారం హెల్మెట్‌తోనే లోపలికి వచ్చి, మూలబల్ల దగ్గర గోడవైపు తిరిగి కూర్చుని, పులుసు గిన్నె వచ్చాకనే హెల్మెట్ తీసేవారు. చుక్క ముట్టేవారు కారు, ఆ మాట ఒప్పుకోవాలి. చర్చి పెద్ద శుభాకర్ గారు తాగుబోతుల కోసం ప్రార్థన చెయ్యడానికి వచ్చేవారు. కొబ్బరిపాల పచ్చకూర గిన్నె ఖాళీ అయ్యేదాకా ఆయన గుండెల్లో భారం దిగేది కాదు. గోదావరి నుంచి వచ్చి స్థిరపడ్డ మంగాయమ్మ గారు బారు గడప తొక్కే మనిషి కారు. అందుకని భర్త వీర్రాజు గారికి క్యారేజీ ఇచ్చి, దాని మీద చెక్కిన పేరు కనపడకుండా తువ్వాలు చుట్టి, వెనక కిటికీ దగ్గరికి పంపేవారు.

ఇలా అందరూ సుఖంగా ఉండగా, ఒక ఆదివారం సాయంత్రం చెత్తబండి రావడం లేదని కాలనీ మీటింగు పెట్టారు. గాలి తిరిగింది. కొబ్బరిపాలలో నిమ్మగడ్డీ దబ్బాకూ మరుగుతున్న వాసన వచ్చి మీటింగు మధ్యలో కూర్చుంది. నలభై మంది ఒక్కసారి గుటక వేశారు. ఆ చప్పుడు మైకులో వినిపించింది. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాసన గుర్తుపట్టినవాడు దొరికిపోతాడు కదా!

ముందు తేరుకున్నది అధ్యక్షులవారే. "ఏమిటీ దుర్గంధం?" అన్నారు.

"అవునండీ, కడుపులో తిప్పేస్తోందండి బాబూ" అన్నారు మంగాయమ్మ గారు, ఊరిన నోరు కొంగుతో తుడుచుకుంటూ.

హార్బరులో కుళ్లిన చేపల కంపు నలభై ఏళ్లుగా ఆ కాలనీ మీదుగానే పోతోంది. దాని మీద ఇంతవరకు ఎవరూ పోస్టుకార్డు ముక్కైనా రాయలేదు.

"సోదర సోదరీమణులారా!" అని త్రినాథరావు గారు మైకు అందుకున్నారు. "మన సంస్కృతికీ, మన బిడ్డల భవితవ్యానికీ ముప్పు వాటిల్లింది. ఆ బారు ఎక్కడున్నదో నేనెరుగను. ఎడమచేతివైపు రెండో సందు, ఐసు ఫ్యాక్టరీ వెనక, మూడో మెట్టు విరిగి ఉంటుంది, చూసుకుని దిగాలి. అటువంటి చోటు మనకు అవసరమా?"

చప్పట్లు మోగాయి.

అర్జీ రాశారు: "మేమెవరమూ సదరు బారును ఎన్నడూ చూచి ఎరుగము. అయినను దాని వంట వాసన మేము భరింపజాలకున్నాము." సంతకం పెట్టనివాడు అక్కడ తింటున్నట్టే లెక్క కనక, ఎక్కువ తిన్నవాళ్లే ముందు పెట్టారు. ఆ కాలనీలోనే ఉంటూ సంఘం కోశాధికారిగా ఉన్న గురునాథరావు కూడా పెట్టాడు. "పెట్టకపోతే బారు నాదేనని అందరికీ తెలిసిపోద్ది గదేటి" అన్నాడు.

ఆఖరికి మంగాయమ్మ గారు కాగితం పట్టుకుని మిరియం గుమ్మంలోకి వచ్చారు.

"మీదొక్కటే మిగిలిందండి మిరియం గారూ."

"ఏటి రాసారమ్మా ఇందుల?"

"ఏముందండీ, ఆ బారు వంట వాసన పడట్లేదని."

మిరియం కాగితం అందుకుంది. "మొన్న సుక్కురోరం క్యారేజీల ఉప్పు సరిపోనాదా అమ్మా?"

మంగాయమ్మ గారు వీధివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "ఒక్క పిసరు తగ్గిందండి" అన్నారు. "పెట్టెయ్యండి మరి. పెట్టకపోతే మిమ్మల్నే అనుకుంటారు."

మిరియం పెట్టింది. తన పొయ్యిలో తనే నీళ్లు పోసుకుంటున్నట్టు అనిపించింది గానీ, ధైర్యం ఒకటుంది. అర్జీ పెడితే పని జరిగిన దాఖలా ఆ కాలనీలో లేదు. మురుగుకాలువ కోసం పదకొండేళ్లుగా పెడుతూనే ఉన్నారు. ఆ ధైర్యంతోనే అందరూ పెట్టారు.

నాలుగో రోజుకి ఎక్సైజు అధికారి దిగాడు.

లైసెన్సు చూశాడు, పక్కాగా ఉంది. సీసాలు చూశాడు, 'విదేశీ మద్యం' అని రాసి ఉంది, అభ్యంతరం లేదు. వంటింట్లోకి వచ్చి గిన్నె మూత తీశాడు. అనుమతి పొందిన తినుబండారాల జాబితాలో ఉడికించిన గుడ్డు, వేపిన పల్లీలు, చికెన్ పకోడీ అని మూడే ఉన్నాయి. రొయ్యల పులుసు లేదు. సాక్ష్యం కోసం మూడు గిన్నెలు తాగి, మూతి తుడుచుకుని ఉత్తర్వు రాశాడు: "మద్యం అమ్మకము యథావిధిగా కొనసాగించుకొనవచ్చును. విదేశీ వంటకములు తక్షణము నిలిపివేయవలెను."

"నానేటి తప్పు చేసినాను బాబూ?" అంది మిరియం.

"తప్పేమీ లేదమ్మా, అమృతంలా ఉంది. కానీ రెండు వందల పన్నెండు సంతకాలు! అందులో నీదీ ఉంది." పాపం, మంచివాడే. వెళ్తూ వెళ్తూ ఒక దారి చెప్పాడు. "మేమిది తిన్నాం, బాగుంది, కావాలి అని ఓ పదిమంది కాగితం మీద పెట్టిస్తే జాబితాలో చేర్చేస్తాను. పదే చాలు."

గురునాథరావు తెల్లకాగితం బల్ల మీద పరిచి, పది గీతలు గీసి, పెన్నుకి దారం కట్టాడు. తను మాత్రం పెట్టలేదు. బారు చూసి ఎరుగనని రాసిచ్చిన మనిషి అందులో తిన్నానని ఎలా రాస్తాడు? మిరియం మాత్రం మొదటి గీత మీద పేరు రాసింది. రెండు కాగితాల మీదా పేరున్న మనిషి ఆవిడొక్కతే.

త్రినాథరావు గారు శనివారం వచ్చారు. తినడానికి ఏమీ లేదు. ఉత్తినే కూర్చుంటే బాగుండదని క్వార్టరూ పల్లీలూ చెప్పారు. ఇప్పుడు మంగళవారం కూడా వస్తున్నారు. శుభాకర్ గారు ప్రార్థించవలసినవాళ్ల జాబితా పెరిగింది. అందులో ఆయన సొంత పేరూ ఉందని గిట్టనివాళ్లంటారు. పూర్వం సగం మంది తినడానికి వచ్చేవారు. ఇప్పుడక్కడ తాగేవాళ్లు తప్ప ఇంకెవరూ లేరు. కాలనీ మీటింగులో అన్నంత చెడ్డచోటూ ఇప్పుడు అయ్యింది.

ఒకనాడు మంగాయమ్మ గారే స్వయంగా క్యారేజీ పట్టుకుని మిరియం పెరటి తలుపు తట్టారు. "మనలో మన మాటండి, ఇంట్లోనే ఓ గిన్నెడు వండి పెట్టకూడదూ?"

"వండుతానమ్మా. బారుకెళ్లి ఆ కాగితం మీద నీ పేరెట్టీసి రా."

"అయ్యబాబోయ్, నా పరువేం కానండీ!"

ఖాళీ క్యారేజీ తువ్వాలు చుట్టుకుని వెనక్కి వెళ్లింది.

మిరియం ఇప్పుడు బారులో గుడ్లు ఉడకబెడుతోంది, పకోడీ పిండి కలుపుతోంది. పకోడీలో పసుపు వేసే ప్రతిసారీ మణికట్టు దానంతటదే వెనక్కి లాక్కుంటుంది. కొట్టేవాళ్లు లేరని గుర్తొచ్చాక మళ్లీ ముందుకి వస్తుంది.

కాగితం ఆ బల్ల మీదే ఉంది. తొమ్మిది గీతలు ఖాళీ. మీరు అలాంటి చోట్లకి వెళ్లే మనుషులు కారు, తెలుసు. మూడో మెట్టు విరిగిందని మాత్రం ఇప్పుడు మీకూ తెలుసు. పెన్ను బాగానే రాస్తుంది.