పచ్చదీపం సాక్షిగా

ఫలక్‌నుమా రైల్వే స్టేషన్ వెనక గల్లీవాసులకు ఇందుమూలంగా తెలియజేయునది ఏమనగా, ఇకపై సంగీతం వినడానికి చెవులు తప్పనిసరి కాదు. ఈ మేరకు శుద్ధ శ్రవణ సంఘం తీర్మానించింది. కాగితం కిరాణా దుకాణం షట్టరు మీద అంటించారు. వానకు తడిసి ఊడిపోయేదాకా వచ్చేపోయేవాళ్లంతా చదివారు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఎందుకు ఆశ్చర్యపోలేదో తెలియాలంటే ముందు రామ్‌చందర్ సంగతి చెప్పాలి.

రామ్‌చందర్ జాతరల్లో మైకు ముందు కూర్చుని తప్పిపోయిన పిల్లల పేర్లు చదివేవాడు. మైకులో ఆయన ఒకటి అంటే, స్తంభానికి కట్టిన బాకాలోంచి మరొకటి వచ్చేది. ఒకరి పిల్లవాడి కోసం ఇంకొకరి తల్లిదండ్రులు పరుగెత్తుకొచ్చేవారు. కొందరు మొహమాటపడి దొరికిన పిల్లవాణ్ణే తీసుకుపోబోయేవారు. శబ్దం దారిలో పాడైతే సంసారాలు ఏమవుతాయో అంత దగ్గరగా చూసిన మనిషి కనుకనే, వయసు మీదపడ్డాక శుద్ధమైన శబ్దానికి జీవితం అంకితం చేశాడు.

దానికి కారణం అల్లుడు నిఖిలేష్. సాఫ్ట్‌వేరు ఉద్యోగం చేసే ఆ అబ్బాయి దసరాకు మామగారికి ఒక పెట్టె తెచ్చిచ్చాడు. నెట్‌కు కలిపితే అందులో పాటలొస్తాయి.

"పాట సైజు తగ్గించనీకి, మనకు వినబడని శబ్దాలు తీసేస్తరు మామా. అది లాసీ. ఏదీ తియ్యకుంట మొత్తం పంపితే లాస్‌లెస్. లాసీ అయితే ఎర్ర లైటు వెలుగుతది, లాస్‌లెస్ అయితే పచ్చ లైటు" అని చెప్పాడు.

రామ్‌చందర్ నిర్ఘాంతపోయాడు. "మనకు వినబడనియి మనల్ని అడగకుంట ఎట్ల తీస్తరు? వినబడని శబ్దం మీద మనకు హక్కు లేదా?"

ఆ హక్కు సాధన కోసం ఏర్పడిందే శుద్ధ శ్రవణ సంఘం. అధ్యక్షుడు రామ్‌చందరే. ఈ ఎన్నికకు కొద్దిరోజుల ముందు నయాపూల్ దగ్గర ఒక చెవుల డాక్టరు ఆయనకు మెల్లగా ఒక మాట చెప్పాడు. సన్నని శబ్దాలు ఆయన చెవికి ఎక్కడం లేదు, పోనుపోను ఇంకా తగ్గుతుంది. ఈ సంగతి రామ్‌చందర్ ఎవరికీ చెప్పలేదు. భార్య కమలకు చెప్పాల్సిన అవసరమే లేదు. ఆమె ఎప్పటినుంచో అన్నానికి పిలవాలంటే పళ్లెం మీద గరిటెతో కొడుతోంది. అధ్యక్షుడికి వినబడదని బయటపడితే మాత్రం కుర్చీ పోతుంది. కుర్చీ పోతే, మళ్లీ ఎవరి మాటా ఎవరికీ చేరని ఆ జాతర మైకు మనిషిగానే మిగిలిపోతాడు. ఆ భయం ఆయన్ని లోపల్లోపల తినేసేది.

ఇషాక్ షేర్వానీలు కుట్టే దర్జీ, రామ్‌చందర్‌కు చిన్ననాటి దోస్తు. సాయంత్రమైతే ఇద్దరూ ఇరానీ హోటల్లో వన్ బై టూ చాయ్ చెప్పి, ఒకే చాయ్‌ని చెరిసగం పోసుకుని, ప్రపంచాన్ని సరిదిద్దేవారు. ఆ బల్ల మీదే గొడవ మొదలైంది.

"రామ్‌చందర్ భాయ్, బిర్యానీ తిని బొక్కలు పక్కకు పెడ్తం. గవి గూడ మింగుమంటవా ఏంది?" అన్నాడు ఇషాక్.

"బొక్క లేకుంట బిర్యానీకి రుచి యాడికెల్లి వస్తది ఇషాక్ భాయ్?"

ఆ రోజుతో వన్ బై టూ ఆగిపోయింది. మర్నాటి నుంచి ఇద్దరూ చెరో బల్ల దగ్గర కూర్చుని, చెరో ఫుల్ చాయ్ తెప్పించుకుని, సగం తాగి సగం వదిలేయసాగారు. ఇషాక్ వెంటనే, లాసీయే చాలంటూ సరళ శ్రవణ సంఘం స్థాపించాడు.

గల్లీ ప్రగతిపథంలో పడింది. కూరగాయల భిక్షపతి మట్టితో, ఆకులతో, పురుగుతో సహా ఉన్న గోబీపువ్వును లాస్‌లెస్ గోబీగా ప్రకటించాడు. అందులోంచి ఏదీ తీసేయలేదు కదా. కుక్కరు విజిల్ వేసి శుద్ధ శ్రవణానికి భంగం కలిగించినందుకు సుందరమ్మను శుద్ధ సంఘం సంజాయిషీ కోరింది. పప్పు ఉడికిందా లేదా అని మూత మీద చెయ్యి పెట్టి తేల్చేందుకు ఒక ఉపసంఘం వేసింది. ఉపసంఘం చేతులు కాలాయి, అయినా నివేదిక సకాలంలో సమర్పించింది. గల్లీలోంచి పెళ్లి ఊరేగింపు పోతూంటే, డప్పులవాళ్లు డప్పులు కొట్టకుండా కొట్టినట్టు చేతులాడించాలని విజ్ఞప్తి చేశారు. పెళ్లికొడుకు గుర్రం మాత్రం డెక్కల చప్పుడు చేసింది. దానికి సభ్యత్వం లేదు గనుక క్షమించారు.

ఇంత అభివృద్ధి జరుగుతుండగా ఇషాక్ ఒక సవాలు విసిరాడు. "లైటు చూసి ఎవడైన చెప్తడు. పెట్టెకు పరదా కట్టి, చెవులతోటి విని చెప్పుండ్రి. ఓడినోడు కుర్సీ దిగాలె!"

లైటు చూడకుండా పాట వినడమనే అనాగరిక పద్ధతి గల్లీలో అంతవరకూ లేదు. రామ్‌చందర్‌కు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాదంటే అనుమానం వస్తుంది. ఔనంటే చెవులు బయటపడతాయి. ఔనన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం షాదీఖానాలో పోటీ. ఇషాక్ దుకాణం నుంచి వచ్చిన మఖ్మల్ గుడ్డతో పరదా కట్టారు. పరదా వెనక పెట్టె, పెట్టెతో నిఖిలేష్. ముందు గల్లీ అంతా. రామ్‌చందర్ అధ్యక్షోపన్యాసం చేశాడు. "వినబడేది ఎవరైన వింటరు. వినబడనిది వినుడే సంస్కారం! మన తాతముత్తాతలు గిదే చేసిన్రు, మనం గిదే చేస్తున్నం, మన పిల్లలు గిదే చెయ్యాలె!" చప్పట్లు మోగాయి. ఆ తర్వాత సూది పడితే వినబడేంత నిశ్శబ్దం.

ముందు వరుసలో షాహెద్ సాబ్ కూర్చున్నారు. ఉర్దూ పంతులుగా చేసిన పెద్దమనిషి. ఏ ముషాయిరా కవిసభలోనైనా మొదటి "వాహ్" ఆయనదే. ఆ ఒకటి పడ్డాక తక్కినవాళ్లు ఊరుకోకూడదు. మంచి చోట వాహ్ అననివాడు మూర్ఖుడి కింద లెక్క, ఇది పాతబస్తీ మర్యాద. ఆ నిశ్శబ్దంలో ఎవరో షాహెద్ సాబ్ చేతికి చాయ్ ఇచ్చారు. బాగా మరిగిన చాయ్. ఆయన ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని, "వాహ్! క్యా బాత్ హై!" అన్నారు.

అంతే. షాదీఖానా అంతా వాహ్ వాహ్ అంది. షాహెద్ సాబ్ ఉలిక్కిపడ్డారు. చాయ్ ధ్యాసలో పాట మొదలైన సంగతి గమనించలేదనుకుని, సిగ్గుపడి, ఇంకా గట్టిగా వాహ్ అన్నారు.

రామ్‌చందర్‌కు ఏమీ వినబడలేదు. డాక్టరు చెప్పిన రోజు రానే వచ్చిందనుకున్నాడు. చుట్టూ చూశాడు. భిక్షపతి కళ్లు తుడుచుకుంటున్నాడు. ఇషాక్ కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తున్నాడు. వాహ్‌ల హోరులో పరదా పక్కనుంచి నిఖిలేష్ తల బయటపెట్టి, "నెట్ వస్తలేదు, జర ఆగుండ్రి..." అనబోయాడు. "ష్!" అని సభ మొత్తం కసిరింది. పాట నడుస్తుండగా మాట్లాడేవాళ్లంటే పాతబస్తీకి గిట్టదు. నిఖిలేష్ మాట రామ్‌చందర్‌కు అందలేదు గానీ ఆ కసురు మాత్రం స్పష్టంగా వినబడింది. అది చవకరకం శబ్దం కనుక వినబడిందనీ, శుద్ధమైనదే తన చెవికి ఎక్కడం లేదనీ ఆయన సరిపెట్టుకున్నాడు. లోపల ఏడుస్తూ పైకి "వాహ్" అన్నాడు.

నిఖిలేష్ ఇంకోసారి తల బయటపెట్టి, ఇంకోసారి కసిరించుకుని, ఇక లాభం లేదని తనూ ఒక చాయ్ తెప్పించుకున్నాడు.

తీర్పులు వెలువడ్డాయి. ఇంత లోతు పచ్చ లైటుకు తప్ప సాధ్యం కాదని శుద్ధ సంఘం అంది. చెవి మీద ఇంత తేలిగ్గా, దూదిలా కూర్చునేది లాసీ ఒక్కటేనని సరళ సంఘం అంది. గెలిచింది తామేనని రెండు సంఘాలవాళ్లూ ఊరేగారు. ఆడవాళ్ల వైపు నుంచి వచ్చిన కమలను పాట ఎట్లుందని అడిగితే, "మంచిగుండె, నిద్ర పట్టింది" అంది.

ఆ సాయంత్రం రామ్‌చందర్ తిన్నగా ఇషాక్ బల్ల దగ్గరికే వెళ్లి కూర్చున్నాడు.

"భాయ్, నువ్వే గెలిచినవ్ తీయ్. నా చెవులు పోయినయ్. ఇయ్యాల ఒక్క ముక్క వినబడలే."

ఇషాక్ చాయ్ కప్పు పక్కకు పెట్టాడు. "యా అల్లా! నీకు గూడనా? నా చెవులే పోయినయనుకున్న మియా! ఎవరికి చెప్పాల్నో తెల్వక గీడ కూసున్న."

హోటల్లో సాసర్లు గలగలమంటున్నాయి. గలగల ఇద్దరికీ వినబడింది. నిఖిలేష్‌కు ఫోను చేస్తే అసలు సంగతి తెలిసింది. రామ్‌చందర్ కళ్లనీళ్లు పెట్టుకుని నవ్వాడు. చాలా రోజులకు ఆ బల్ల మీదికి వన్ బై టూ వచ్చింది.

ఆ సంతోషంలో ఇద్దరూ చేయకూడని పొరపాటు చేశారు. మర్నాడు గల్లీవాళ్లను పిలిచి, నిన్న పాట రాలేదని నిజం చెప్పేశారు. రామ్‌చందర్ చెవుల డాక్టరు సంగతి కూడా దాచలేదు.

గల్లీ జాలిగా చూసింది. భిక్షపతి లేచాడు. "గంతమందిమి విన్నం. మీ ఇద్దరికే వినబడలేదంటే అది పాట తప్పా, చెవుల తప్పా? డాక్టరే చెప్పిండంటివి గద అన్నా!" నిఖిలేష్ సాక్ష్యం చెప్పబోతే, శబ్దం ముందుకు పోతుంది గానీ వెనక్కి రాదు కనుక పరదా వెనక ఉన్నవాడి సాక్ష్యం చెల్లదని కొట్టేశారు. అధ్యక్షులిద్దరికీ శాలువాలు కప్పి, సేవలు కొనియాడి, వినికిడి లోపం కారణంగా తొలగించారు. రెండు సంఘాలూ భిక్షపతి అధ్యక్షతన శుద్ధ శ్రవణ సంఘం పేరుతోనే ఒకటయ్యాయి. గొడవలన్నీ చెవుల వల్లే వచ్చాయి కనుక, పరదా తీసేసి, పచ్చ లైటు ఒక్కటే ప్రమాణమని తీర్మానించారు. షట్టరు మీద మీరు చదివిన కాగితం అదే.

ఇప్పుడు ప్రతి ఆదివారం షాదీఖానాలో సభ. నెట్ ఉన్నా లేకున్నా పచ్చ లైటు వెలిగేలా ఏర్పాటు చేశారు, వాహ్‌లు పడతాయి. అఫ్జల్‌గంజ్ నుంచి కూడా జనం వస్తున్నారు. ఎదురుగా ఇరానీ హోటల్లో ఇద్దరు చెవిటివాళ్లు ఒక చాయ్‌ని చెరిసగం పోసుకుని, దూరంగా పోయే రైలు చప్పుడు వింటూ కూర్చుంటారు. వాళ్లకు ఏమీ వినబడదని గల్లీలో అందరికీ తెలుసు.

ఈ గల్లీని చూసి మీరు నవ్వుకుని ఉంటే సంతోషం. ఈమధ్య మీరు దేనికి వాహ్ అన్నారో ఒక్కసారి గుర్తు చేసుకోండి. మీకంటే ముందు అన్న పెద్దమనిషి చేతిలో చాయ్ కప్పు ఉందేమో చూశారా?