ఏత్వం పోయిన చేప

ఆ ఆదివారం నరసింగరావు వేసుకున్న పథకంలో పొరపాటుకు చోటే లేదు. పొద్దున్నే చేపలు తేవాలి. మధ్యాహ్నానికల్లా ముళ్ళు తీసి మసాలా పట్టించాలి. ఎండ చల్లబడగానే కొబ్బరికాయ కొట్టి షట్టరెత్తాలి. ఉద్యోగమంతా భిలాయ్ ఉక్కు కర్మాగారంలో, రైలుపట్టాలు తయారుచేసే మిల్లులో గడిపి రిటైరైన మనిషి ఆయన. నిప్పులా కాలే ఉక్కు దిమ్మె ఏ క్షణాన ఎక్కడ ఉండాలో చెప్పి, అక్కడే ఉండేలా చూసుకున్నవాడు. అలాంటివాడికి చేపముక్క ఒక లెక్కా?

దుకాణం ఆలోచన నిజానికి ఆయనది కాదు, ఆయన భార్య సింహాచలమ్మది. సెక్టర్ 7లో ఎవరింట్లో పెళ్ళయినా, బారసాలయినా ఆవిడ చేత చేపలు వేయించుకోవడం ఒక అలవాటుగా మారిపోయింది. అందరూ లొట్టలేసుకుంటూ తినేవారు, తిని చేతులు కడుక్కునేవారు, వంట చేసిందెవరని అడిగేవారు కాదు. "నా సేతి సేపకి నా దుకాణం ఒకటుండాలయ్యా. ఒక్కడైనా ఒచ్చి, ఇది సింహాచలమ్మ సేప అని సెప్పి తినాల" అని ఆవిడ ఏళ్ళ తరబడి అంటూ వచ్చింది. రిటైరయ్యాక నరసింగరావు మాటిచ్చాడు. మార్కెట్లో గది తీసుకున్నాడు.

పేరు దగ్గర మాత్రం తండ్రీకొడుకులకు పడలేదు. మనోజ్‌కుమార్ రాయ్‌పూర్ మాల్‌లో ఎప్పుడో తిన్నాడట, 'ఫిష్ అండ్ చిప్స్' అందామన్నాడు.

"పిష్షేటిరా పిష్షు? మనకి మాట లేదేటి? సేప అని ఎట్టు. తినీవోళ్ళు ఆ మాటే నేర్సుకుంటారు."

"హిందీవాళ్ళకి అర్థం కాదు నాన్నా."

"సమోసా అంటే మనకి మొదట్లో అర్థమైపోయిందేటి? తినగా తినగా అర్థమైంది."

దాంతో వాదన ముగిసింది. నరసింగరావు తెల్ల కాగితం మీద 'చేప అండ్ చిప్స్' అని తన గొలుసుకట్టు తెలుగులో రాశాడు. మనోజ్ దాన్ని ఫోన్లో ఫొటో తీసుకుని, డ్యూటీకి వెళుతూ దారిలో మాటేమిటో చూసుకోకుండా అక్షరానికి అక్షరం హిందీలోకి మార్చి, క్యాంప్ 1లో ఫ్లెక్సులు ముద్రించే అతనికి పంపేశాడు. ఇక్కడ ఒక విషయం చెప్పుకోవాలి. మనోజ్ భిలాయ్‌లో పుట్టి భిలాయ్‌లో పెరిగినవాడు. తెలుగు గలగలా మాట్లాడతాడు గానీ, చదవాలంటే అక్షరాన్ని పట్టుకుని వేలాడాల్సిందే. తండ్రి సంగతి సరిగ్గా తిరగబడింది. ఆయనకు హిందీ వరదలా వస్తుంది, హిందీ అక్షరం మాత్రం రాదు. ప్లాంటులో 'ప్రమాదం' అన్న హిందీ బోర్డును సర్వీసంతా పుర్రె బొమ్మను బట్టే గుర్తుపట్టాడు.

అందుకే ఫ్లెక్సు వచ్చినప్పుడు ఆయన అక్షరాలు వదిలేసి బొమ్మ చూశాడు. పుల్లలకు గుచ్చిన గోధుమరంగు ముక్కలు, పక్కన పచ్చటి చట్నీ. సింహాచలమ్మ కూడా చేతులకు నూనె అంటకుండా ముక్కలను పుల్లలకే గుచ్చుతుంది. అచ్చం మనదే అనుకున్నాడు. మూలన చిన్న చదరంలో ఒక పచ్చ చుక్క ఉంది.

"దిష్టి సుక్క నల్లగా ఎట్టాల. ఈడు పచ్చగా ఎట్టినాడు" అని గొణుక్కుని బోర్డు ఎక్కించేశాడు.

సాయంత్రం షట్టరు లేచింది. జనం వచ్చారు. వస్తూనే ఉన్నారు. మొదట తిన్న కుర్రాడు కళ్ళు పెద్దవి చేసి, "వాహ్ అంకుల్! ఏక్‌దమ్ అసలీ జైసా!" అన్నాడు. అచ్చం అసలుదానిలాగే ఉందట. నరసింగరావుకు కాస్త గుచ్చుకుంది.

"అసలుదానిలా ఉండడమేటి? అసలుదే కదా!" అన్నాడు భార్యతో తెలుగులో.

"తిననీ. ఎర్రోడు మెచ్చుకుంటన్నాడు" అంది ఆవిడ బాణలిలోంచి తలెత్తకుండా.

తర్వాత వచ్చిన పెద్దమనిషి నమిలి, తలాడించి, "భయ్యా, సోయా కహా కా హై?" అని అడిగాడు. ఆ సోయా ఏమిటో నరసింగరావు ఊహకు అందలేదు. హిందీలో సోయా అంటే పడుకుంది అని ఆయనకు తెలుసు. ఎక్కడ పడుకుంది అని అడుగుతున్నాడంటే, ఏ చెరువుదో కనుక్కుంటున్నాడన్నమాట. "తాలాబ్ మే, సాబ్. కల్ రాత్ తక్ తాలాబ్ మే హీ సోయా" అన్నాడు గర్వంగా. నిన్న రాత్రి వరకూ చెరువులోనే పడుకుందని. పెద్దమనిషి పొట్ట పట్టుకుని నవ్వి ఇంకో ప్లేటు చెప్పాడు. ఇంకొకావిడ ప్లేటులో వేయించిన బంగాళాదుంపలు చూసి, ఇవి చిప్స్ కావు, చిప్స్ అంటే ప్యాకెట్లో గలగలమనాలి అని తగువుపడింది. నరసింగరావు పక్కకొట్టు నుంచి ఒక ప్యాకెట్ తెప్పించి ఆవిడ చెవి దగ్గర గలగలలాడించాడు.

అప్పుడు వచ్చాడు దూబేజీ. తెల్ల లాల్చీ, నిటారు నడుము, బడిలో హెడ్మాస్టరు చూపు. ఒక ముక్క తీసుకున్నాడు. నమలడం మొదలుపెట్టి మధ్యలో ఆగాడు. బోర్డు వైపు చూశాడు. పచ్చ చుక్క వైపు ఇంకాసేపు చూశాడు. కళ్ళు మూసుకుని మిగతాది నెమ్మదిగా నమిలాడు.

"ఈ రోజు సెక్టర్ 4 హాల్లో మా యోగా మండలి వార్షికోత్సవం. మండలి మొత్తానికి పార్సిల్ కట్టండి. డ్రైవర్ వచ్చి తీసుకెళతాడు" అన్నాడు హిందీలో.

సింహాచలమ్మ బాణలి ముందు నిలబడి పెళ్ళికి వండినట్టు వండింది. పార్సిళ్ళు వెళ్ళాయి. నరసింగరావు కుర్చీలో కూలబడి, జీవితంలో ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాడు. సరిగ్గా అప్పుడే క్యాంప్ 1 నుంచి జగ్గయ్య సైకిల్ దిగాడు. మిల్లులో నరసింగరావుతో పనిచేసినవాడు, హిందీ పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివేవాడు.

"ఏటి నర్సింగన్నా, యాపారం ఎట్టీసినావట! మా ఇంటికి బొబ్బిలి నుంచి బావమరిది దిగినాడు, పిల్లా జెల్లాతోటి. ఒకటియ్యి. కాస్త ఎడల్పాటిది."

"ఎడల్పేటి? ముక్క ముక్కే."

"ముక్కలేటి? సాప ముక్కలు కోసి అమ్ముతారేటి ఎవులైనా? పడుకోడానికి సాప అడుగుతన్నాను."

"పడుకునే సాప నా దగ్గరెందుకుంటాదిరా?"

జగ్గయ్య మెడ వెనక్కి వంచి బోర్డు చూపించాడు. "మరి అదేటి రాసినావు? చాప అండ్ చిప్స్. సాపలూ సిప్సులూ కలిపి అమ్మడమేటి, రిటైరయ్యాక మతి గాని సలించిందా అనుకున్నాను."

డ్యూటీ దిగి స్కూటరు ఆపుతున్న మనోజ్‌ను తండ్రి కాలరు పట్టుకుని బోర్డు కిందికి లాక్కొచ్చాడు. "ఒరే, ఏటి రాసి పంపినావురా?"

"నువ్వు రాసిందే నాన్నా. చాప."

"సేప రా! చకి ఏత్వం ఎట్టినాను!"

"ఏత్వమా? పైన గీత ఉంటే దీర్ఘం అనుకున్నాను."

"దీర్ఘమట! సేపని పట్టుకుని సాప సేసీసినాడమ్మా ఈడు!"

మనోజ్ అప్పటికి వినడం మానేశాడు. అతని కళ్ళు బోర్డు మీది పచ్చ చుక్క దగ్గర ఆగిపోయాయి. "నాన్నా, హిందీలో అది చాప కాదు, చాప్. సోయా చాప్. సోయాపిండితో చేసి పుల్లకు గుచ్చుతారు, మాంసంలా ఉంటుంది గానీ ప్యూర్ వెజ్. ఈ పచ్చ చుక్క వెజ్ గుర్తు. ప్రింటింగ్ వాడు చాప్ అనుకుని పెట్టేశాడు." తండ్రి వైపు తిరిగాడు. "ఎవరైనా తిన్నారా?"

"ఎవులైనా ఏటి, ఊరంతా తిన్నాది. తెల్ల లాల్చీ ఆయనొకడు యోగా మండలికి మొత్తం..."

"దూబేజీనా? నాన్నా, ఆయన రోజూ పొద్దున్న సెక్టర్ 4 పార్కులో శాకాహారం మీద ఉపన్యాసమిస్తాడు! వెల్లుల్లి తిన్నవాణ్ణి పక్కన ఆసనం వెయ్యనివ్వడు!"

సింహాచలమ్మ స్టవ్ ఆర్పేసింది. చేతులు కొంగుకు తుడుచుకుంది. ఉదయం నుంచీ మెరిసిన ఆ ముఖం ఒక్కసారి చిన్నబోయింది. "శనారం పూట నువ్వు నీసు ముట్టవు కదా. నీకు తెలీకుండా ఎవులైనా ఎట్టీస్తే ఎలాగుంటాది? ఎల్లు. తినకముందే ఆపు. తినీసుంటే కాళ్ళట్టుకో. దుకాణం పోతే పోనీ."

స్కూటరు లేచింది. సెంట్రల్ అవెన్యూ మీద ఆ స్కూటరు అంత వేగంగా పోవడం దానికదే మొదటిసారి. వెనక నరసింగరావు, ఆయన నోట్లో సింహాద్రి అప్పన్న. సిగ్నల్ దగ్గర ఎర్రదీపం. ఎదురుగా దూబేజీ కారు తిరిగి వస్తోంది. డ్రైవరు వీళ్ళను గుర్తుపట్టి బొటనవేలు పైకెత్తి చూపించాడు. అతని చేతిలో పుల్ల ఉంది. పుల్లకు ఏమీ లేదు.

"అయిపోయింది" అన్నాడు మనోజ్.

హాల్లో ప్లేట్లన్నీ ఖాళీ. కొందరు వేళ్ళు నాకుతున్నారు. వేదిక మీద దూబేజీ మైకు పట్టుకుని, "చూశారా? జీవహింస లేకుండానే ఎంత రుచి! ఇక మాంసం మీద ఎవరికైనా మోజు ఎందుకుండాలి?" అంటున్నాడు. తలుపు దగ్గర నరసింగరావును చూసి, "అదిగో, వండినవారే వచ్చారు! శాలువా తెండి!" అన్నాడు. పారిపోవడానికి వీల్లేకుండా నలుగురు ఆయనను వేదిక ఎక్కించారు. శాలువా పడింది. మైకు చేతికొచ్చింది.

నరసింగరావు మైకును రెండు చేతులా పట్టుకున్నాడు. సింహాచలమ్మ ముఖం గుర్తొచ్చింది. కళ్ళు మూసుకుని, వరదలా వచ్చే హిందీలోంచి మూడు ముక్కలు ఏరుకున్నాడు.

"మాఫ్ కీజియే. వో చాప్ నహీ. వో మచ్‌లీ థీ."

క్షమించండి, అది చాప్ కాదు, చేప అని. వేళ్ళు నాకుతున్నవాళ్ళు చటుక్కున చేతులు దించేశారు. దూబేజీ మైకు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"విన్నారా? ఎంత వినయం! ఎంత సహజంగా కుదిరిందంటే, చేసిన మనిషే చేప అని భ్రమపడుతున్నాడు!"

చప్పట్లు మోగాయి. కాస్త ఎక్కువగానే, కాస్త త్వరగానే మోగాయి. నరసింగరావు, "నహీ జీ, సచ్ మే మచ్‌లీ..." అన్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. మొదటి వరసలో ఒకాయన లేచి నిలబడి మరీ కొట్టాడు.

దూబేజీ ఆయనను భుజం పట్టుకుని వేదిక వెనక్కి నడిపించాడు. అటూ ఇటూ చూసి, జేబులోంచి రుమాలు తీసి విప్పాడు. అందులో ఒక ముల్లు ఉంది.

"నేను వైజాగ్‌లో నౌకరీ చేశా" అన్నాడు గొంతు తగ్గించి, తుప్పుపట్టిన తెలుగులో. "చేప నాకు మాలూం కాదా? మొదటి ముక్కకే మాలూం."

నరసింగరావు నోరు తెరిచాడు. "మరి వీళ్ళందరికీ..."

"ఎవరు ఏం తింటారో ప్రెసిడెంట్‌కి మాలూం కావాలి కదా. అసలైన శాకాహారులకి ఈ రోజు ఏకాదశి ఉపవాసం. వాళ్ళకి అరటిపళ్ళు నేనే ఇచ్చా. మిగతావాళ్ళు..." దూబేజీ నిట్టూర్చాడు. "మిగతావాళ్ళు ఒకరికొకరు భయపడే శాకాహారులు. పచ్చ చుక్క ఉంటే అందరికీ ధైర్యం. మైకులో చెప్పే జరూరత్ ఏముంది మీకు?"

ఆ మాట పూర్తికాకముందే, లేచి నిలబడి చప్పట్లు కొట్టిన పెద్దమనిషి తెర పక్క నుంచి తల దూర్చాడు. "భాయ్‌సాబ్, బోర్డు మార్చకండి. దయచేసి" అన్నాడు హిందీలో గుసగుసగా. అతని వెనక ఇంకొకరు నిలబడి ఉన్నారు. ఆ వెనక వరస ఉంది.

నరసింగరావు జరిగిందంతా వచ్చి చెబితే సింహాచలమ్మ స్టూలు మీద కూర్చుని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వాక కొంగుతో కళ్ళు తుడుచుకుని, "అయినా అబద్ధం బోర్డు ఒద్దు. ఇంకెవులో నిజంగా తిననోడు ఒస్తే? నా సేపకి నా సేప పేరే ఉండాల" అంది.

మర్నాడే కొత్త బోర్డు లేచింది. ఈసారి మనోజ్ ఒక్కో అక్షరం తండ్రికి చదివి వినిపించాకే పంపాడు. హిందీలో 'సింహాచలమ్మ మచ్‌లీ', తెలుగులో 'చేప', ఏత్వం అరచేయంత. పక్కన తోక ఆడిస్తున్న చేప బొమ్మ. చుక్క గోధుమరంగులో, సిసలైన మాంసాహారం గుర్తు. కుర్రాళ్ళు వచ్చారు, ఉద్యోగస్థులు వచ్చారు, సింహాచలమ్మ పేరు అడిగి మరీ తిన్నారు. యోగా మండలి మాత్రం ఎదురు ఫుట్‌పాత్ మీద, బోర్డు వైపు చూడకుండా, ముక్కులు మాత్రం ఇటు తిప్పి నడిచిపోయింది.

ఆ వారం చివర్లో దుకాణం వెనక తలుపు ఎవరో తట్టారు. దూబేజీ. ఆయన వెనక నలుగురు. కుర్చీలన్నీ ముందు గదిలో ఉన్నాయని నరసింగరావు కంగారుపడితే, యోగా చేసేవాళ్ళం, మాకు కుర్చీలెందుకన్నారు. వెనక గదిలో నేల జిడ్డుగా ఉంది. సింహాచలమ్మ ఒక్క క్షణం ఆలోచించి, మూల చుట్టిపెట్టిన పాత ఫ్లెక్సును తీసి పరిచింది. అందరూ పద్మాసనం వేసుకుని ఆ పచ్చ చుక్క చుట్టూ కూర్చున్నారు. అప్పట్నుంచి రోజూ అదే వరస.

ఓ సాయంత్రం జగ్గయ్య పలకరిద్దామని వచ్చి వెనక గదిలోకి తొంగిచూశాడు. నేల మీద పొడుగ్గా, వెడల్పుగా పరిచిన దాన్ని, దాని మీద హాయిగా కూర్చుని నములుతున్న పెద్దమనుషులను చూశాడు. దాని మీద రాసింది ఇంకోసారి చదువుకున్నాడు. ఆ తర్వాత నరసింగరావు వైపు తిరిగి, నొచ్చుకున్నట్టు అడిగాడు.

"ఆ రోజు సాప లేదన్నావు కదేటి?"