మంత్రిగారి చొక్కాలు, మా అక్క తొట్టి

"ఈ రోజు నుంచి ప్రజలకీ ప్రభుత్వానికీ మధ్య అడ్డుగోడలు లేవు. ఉన్నదల్లా ఈ బొటనవేలే!" అని ప్రకటించి, నీళ్ళశాఖ మంత్రిగారు ఆ వేలిని పైకెత్తి చూపించారు. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఆ వేలిని మూడు కోణాల్లో ఫోటో తీసే భాగ్యం నాకు దక్కింది.

నేను మంత్రిగారి ఆఫీసులో ఫోటోగ్రాఫర్ని. ఆయన నన్ను 'ఫోటో' అని పిలుస్తారు. నా పేరు ఇంతవరకూ అడగలేదు. అన్ని పనుల ఒత్తిడిలోనూ నా వృత్తిని గుర్తుపెట్టుకున్నారంటే అది ఆయన గొప్పతనం.

ఇంతకీ విషయమేమిటంటే, ఇకమీదట నీళ్ళ గురించి ఎవరూ అర్జీలు రాయక్కర్లేదు. ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరగక్కర్లేదు. మంత్రిగారి పేజీలో ఒక ఫోటో పెట్టి నాలుగు ముక్కలు రాస్తే చాలు. ఏ పోస్టుకి ఎక్కువ లవ్ గుర్తులు వస్తే దాన్ని శాఖ నెత్తిన పెట్టుకుని ఊరంతా అమలు చేస్తుంది.

మంత్రిగారు బొటనవేలితో ఫోన్ నొక్కారు. పేజీ తెరుచుకోలేదు. మళ్ళీ నొక్కారు.

"నెట్ స్లోగా ఉంది సార్," అన్నారు సెక్రటరీగారు.

"అయితే తవ్వండి!"

నిర్ణయాలంటే అలా ఉండాలి. ఆ మధ్యాహ్నమే ఆఫీసు వెనక వీధి తవ్వి లావుపాటి కేబుల్ వేశారు. పేజీ తెరుచుకుంది. కేబుల్‌కి అడ్డొచ్చిన నీళ్ళ పైపు మాత్రం తెగింది.

ఆ వీధిలోనే మా అక్క లాండ్రీ ఉంది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. మా అక్క మెల్లగా మాట్లాడినా చెవులు చిల్లులు పడతాయి. ఆ రోజు మెల్లగా మాట్లాడలేదు.

"ఒరేయ్! చుక్క నీళ్ళు లేవురా! మీ మంత్రి చొక్కాలు డజను సబ్బులో నానబెట్టి ఉన్నాయి. ఏం పోసి జాడించను, నా కన్నీళ్ళా?"

"పేజీలో పెట్టక్కా."

"పేజీ ఏమిట్రా? మీ సెక్రటరీ నాకు కిటికీలోంచి కనబడుతున్నాడు. కాఫీ తాగుతున్నాడు. కేకేస్తే వినబడతాడు."

"కేకకి ఆప్షన్ లేదక్కా."

ఏ మాటకి ఆ మాటే చెప్పుకోవాలి, మా అక్కకి తెలివి ఎక్కువ. లాండ్రీలో ఉన్న పెద్ద తొట్టిలోకి దిగి, మోకాళ్ళు ముడుచుకుని, చెంపకి చెయ్యి ఆనించుకుని ఫోటో తీయించుకుంది. కింద "నీళ్ళు లేని తొట్టిలో నేను. చూసి తరించండి" అని రాసింది.

సోషల్ మీడియా వల్ల ఏం లాభం అని సణిగేవాళ్ళు ఇది వినాలి. ఎప్పుడో పలకరింపులు మానేసిన చిన్ననాటి స్నేహితురాలు ఆ సాయంత్రమే ఫోన్ చేసి ఏడ్చింది. మాతో మాటల్లేని మా పిన్ని "బంగారుతల్లీ" అని రాసింది. ముక్కూమొహం తెలియని ఒకాయన తొట్టి ఎక్కడ కొన్నారని అడిగాడు. తెల్లారేసరికి నలభై వేల లవ్ గుర్తులు. నష్టం అంటూ ఉంటే ఒక్కటే, నీళ్ళు రాలేదు.

మర్నాడు రివ్యూ మీటింగ్. సెక్రటరీగారు గోడ మీది స్క్రీన్ చూస్తూ చదివారు.

"కొత్త ట్యాంకు ప్రారంభోత్సవం పోస్టుకి పదకొండు లవ్ గుర్తులు సార్. పది మన స్టాఫ్. ఒకటి తమరి అత్తగారు."

"మా అత్తగారా!" మంత్రిగారి కళ్ళు చెమర్చాయి.

"చెయ్యి తగిలి పడిందట సార్. తర్వాత తీసేశారు."

"అంటే పది."

"పది సార్. ఖాళీ తొట్టి పోస్టుకి మాత్రం నలభై వేలు."

మంత్రిగారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "ఏమిటా పథకం?"

"నీళ్ళు రాకపోవడం సార్."

"ఎవరు పెట్టారు?"

"మన శాఖే సార్. కేబుల్ వేసేటప్పుడు."

"మనకి తెలియకుండానే ఇంత మంచిపని చేశామా!"

ఇక ఉండబట్టలేక నోరు తెరిచాను. "సార్, ఆవిడ మా అక్కేనండి. జనం జాలిపడి పెట్టారండి అవి."

సెక్రటరీగారు నన్ను పసివాణ్ణి చూసినట్టు చూశారు. "ఆ మాత్రం మాకు తెలీదటయ్యా? లెక్కపెట్టడం వరకే మా సెక్షన్. జాలి వేరే సెక్షన్. అక్కడ ఎవర్నీ వెయ్యలేదింకా."

మంత్రిగారు నా భుజం తట్టి, అక్కకి అభినందనలు చెప్పమన్నారు. ప్రజాభీష్టం మేరకు మరో ఆరు వీధులకి నీళ్ళు ఆపేస్తూ అక్కడికక్కడే సంతకం చేశారు.

అభినందనలు చెబుదామని లాండ్రీకి వెళ్ళాను. అక్క అరవలేదు. అదే నన్ను భయపెట్టింది.

"పనిచేసే ఇద్దరమ్మాయిల్నీ ఇళ్ళకి పంపేశానురా," అంది. "వారం ఇలాగే ఉంటే షట్టర్ దించెయ్యడమే. ఇన్నేళ్ళలో నా చేతులు ఎప్పుడూ తడిగానే ఉన్నాయి. ఇవాళ చూడు, ఎలా పొడిబారిపోయాయో. ఏడుపొస్తోందిరా."

నాకూ ఏడుపొచ్చింది. ప్రభుత్వోద్యోగిని కాబట్టి ఆపుకున్నాను.

అక్క ఊరుకునే మనిషి కాదు. "మీకు దండం పెడతాను, ఇంక లవ్ గుర్తులు పెట్టకండి" అని ఇంకో పోస్టు పెట్టింది. దానికి డెబ్భై వేలు వచ్చాయి. దెబ్బకి ఊరంతా నీళ్ళు ఆపేశారు.

అలా లక్ష దాటిన సందర్భంగా, విజయోత్సవ సభ పెట్టాలని మంత్రిగారు సెలవిచ్చారు. సభ అన్నాక తెల్లచొక్కా ఉండాలి కదా. చొక్కాలు తెమ్మని సెక్రటరీగారినీ నన్నూ లాండ్రీకి పంపారు.

అక్క నడుమ్మీద చేతులు పెట్టుకుని మమ్మల్ని ఎగాదిగా చూసి, చొక్కాలు నానబెట్టిన చిన్న తొట్టి మీది మూత తీసింది. సెక్రటరీగారు రెండడుగులు వెనక్కి వేశారు. డజను చొక్కాలూ ఒక్క ముద్దయి, సబ్బుతో సహా బిగుసుకుపోయి ఉన్నాయి. ఆ వాసన గురించి పత్రికలో రాయడం మర్యాద కాదు.

"నీళ్ళివ్వండి. జాడించి ఇస్తాను," అంది అక్క.

సెక్రటరీగారు మంత్రిగారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు.

"ఆ వీధికి నీళ్ళు వదిలెయ్యవయ్యా!" అన్నారు మంత్రిగారు.

అక్క మొహం వెలిగిపోయింది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

"వదిలెయ్యొచ్చు సార్," అన్నారు సెక్రటరీగారు. "కానీ వదిలితే, లక్షమంది మెచ్చిన పథకం తమరే రద్దు చేసినట్టవుతుంది. మరి సాయంత్రం సభ దేనికి సార్?"

మంత్రిగారు బేరానికి దిగారు.

"ఒక్క బకెట్టు?"

"బకెట్టైనా నీళ్ళే సార్."

మంత్రిగారు మాట మీద నిలబడే మనిషి. ముందురోజు చొక్కాతోనే సభకి వచ్చారు. కాలర్ నల్లగా ఉంది. జేబు మీద కాఫీ మరక. వేదిక వెనక నా చెయ్యి పట్టుకుని, "ఫోటో, నా పరువు నీ చేతుల్లో ఉందయ్యా," అన్నారు. ఇన్నేళ్ళ సర్వీసులో ఆయన నా చెయ్యి పట్టుకోవడం అదే మొదటిసారి.

నాకు తోచింది నేను చేశాను. మాసిందాన్ని తెల్లగా చూపించే ఫిల్టర్ కెమెరాకి పెట్టి, సభని పేజీలో లైవ్ ఇచ్చాను.

మంత్రిగారు మైకు ముందుకొచ్చారు. జనమంతా ఫోన్లు తీసి అందులో చూడసాగారు. మనిషి ఎదురుగానే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో నిలబడి ఉన్నాడు. అయినా ఒక్కరూ తలెత్తలేదు.

"అబ్బ, ఏం తెలుపండీ!" అన్నారెవరో.

"కళ్ళు చెదిరిపోతున్నాయి!"

ముందు వరసలో ఒకావిడ ఒక చేత్తో ముక్కు మూసుకుని, రెండో చేత్తో లవ్ గుర్తు నొక్కింది.

ఆఖరి వరసలో అక్క కూర్చుంది. వేదిక వైపు చూసింది. పక్కవాడి ఫోన్‌లోకి చూసింది. మళ్ళీ వేదిక వైపు చూసింది. సభ అయ్యాక తిన్నగా వచ్చి నా జబ్బ పట్టుకుంది.

"ఒరేయ్, ఆ తెలుపు ఎలా తెచ్చావో నాకు నేర్పు."

మర్నాడు లాండ్రీకి కొత్త బోర్డు వెలిసింది. "మా వద్ద బట్టలు ఫోన్‌లో ఉతకబడును. తడి ఉండదు. ఆరబెట్టే బాధ లేదు. అరగంటలో డెలివరీ." ఇద్దరమ్మాయిలూ తిరిగి పనిలోకి వచ్చారు. క్యూ కేబుల్ గోతిదాకా పెరిగింది. అందరికన్నా ముందు సెక్రటరీగారు నిలబడ్డారు, చేతిలో సంచీతో.

"ఇస్త్రీ కూడా ఉందామ్మా?"

"ఉందండి. దానికి వేరే ఫిల్టర్."

పొడి చేతులతో మా అక్క టకటకా ఫోన్ నొక్కుతోంటే ఆనందం పట్టలేకపోయాను. నా చొక్కా కూడా విప్పి అందించబోయాను. అది మాసి చాలా రోజులైంది.

అక్క దాన్ని తీసుకుని, మడతపెట్టి, ఎండిపోయిన తొట్టిలో ఓ మూల పెట్టింది.

"ఇది అక్కడే ఉండనీరా. నిన్నెవడు ఫోటో తీస్తాడు? నీది నీళ్ళొచ్చాకే ఉతకాలి."