వేదాత్ మాస్టారి ఎర్ర నెత్తి

శుక్రవారం ఉదయం ఏడు గంటలకు వేదాత్ ఇస్తాంబుల్ నగరంలో, ఉస్కుదార్‌లోని తన ఇంటి స్నానాలగదిలో, బోర్లించిన బకెట్ మీద, మెడ చుట్టూ తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. ఆ రోజు అతని పథకం చాలా చిన్నది. పడవెక్కి బడికి వెళ్ళాలి. బడి వదిలేదాకా కెమిస్ట్రీ చెప్పాలి. ఆ తర్వాత సాహిత్యం టీచరు గుల్‌సెరెన్‌ని పక్కకి పిలిచి, ఇజ్మీర్‌కి వెళ్ళొద్దని, తనని పెళ్ళి చేసుకోమని అడగాలి. ఆవిడ బదిలీ దరఖాస్తు వెనక్కి తీసుకోవడానికి ఆ సాయంత్రం అయిదే ఆఖరు గడువు.

ఈ మాట అడగడానికి అతను మూడేళ్ళుగా జుట్టు కోసం ఆగాడు. నలభై ఆరేళ్ళ వయసులో, చెవుల చుట్టూ మాత్రమే మిగిలిన వెంట్రుకలతో ఒక ఆడమనిషి ముందు నిలబడి పెళ్ళి మాటెత్తడం అతనికి చేతకాలేదు. చివరికి తెగించి, హెడ్మాస్టరు దగ్గర "చిన్న ఆపరేషన్" అని రెండు వారాలు సెలవు తీసుకుని, జుట్టు నాటించుకున్నాడు. పక్కులన్నీ రాలిపోయాయి, గాట్లు మానాయి. ఎరుపు మాత్రం పోలేదు. ఉన్న నాలుగు వెంట్రుకలూ క్లినిక్‌లో గొరిగేయడంతో, నుదుటి పైనుంచి నడినెత్తి దాకా ఉడికించిన బీట్‌రూట్ చెక్క అంటించినట్టు కనబడుతోంది. టోపీ పెట్టుకుందామంటే, బళ్ళో టోపీలకి హెడ్మాస్టరు ఒప్పుకోడు. మానిన చర్మం మీద కాస్త మేకప్ వేసుకోవచ్చని క్లినిక్ అమ్మాయి ఫోన్లో చెప్పింది.

"కదలకురా. కదిలితే చెవిలోకి పోతుంది," అంది అక్క నెర్మిన్. "ముందు ఈ ఆకుపచ్చ క్రీము రాస్తా. అది ఎరుపుని చంపుతుంది. దాని మీద నా క్రీము, దాని మీద పౌడరు."

కెమిస్ట్రీ మాస్టారికి ఈ సూత్రం నచ్చింది. పావుగంటలో నెత్తి మీద ఎరుపు పూర్తిగా మాయమైంది. కానీ నుదురు మొదలయ్యే చోట ఒక గీత తేలింది.

"అక్కా, నెత్తి తెల్లగా, నుదురు గోధుమరంగులో ఉంది. మూతలా కనిపిస్తోంది."

"నుదుటికీ రాసేస్తే సరి."

"ఇప్పుడు నుదురొకడిది, బుగ్గలింకొకడివి."

"బుగ్గలకీ రాస్తానులే, ఏడవకు."

అలా గీత కిందికి జరుగుతూ జరుగుతూ చొక్కా కాలరు దాకా వెళ్ళి, అక్కడ ట్యూబు అయిపోవడం వల్ల ఆగింది. చెవులు మాత్రం ఇద్దరూ మర్చిపోయారు.

"ఈ రంగు పేరేంటక్కా?"

"పింగాణీ. నా పెళ్ళికి కూడా ఇదే."

"నువ్వు బాగా తెలుపు కదే!"

"నువ్వు మాత్రం తీసిపోయావా ఏంటి? అంతా అమ్మ పోలికే."

స్నానాలగది పసుపు దీపం కింద ఇద్దరికీ అది బాగానే కనబడింది. పగటి వెలుతురులో ఆ తల, పిండిలో దొర్లించిన బంగాళాదుంపలా ఉంది. పిండి కింద నుంచి లేత ఆకుపచ్చ కూడా తొంగిచూస్తోంది. పడవలో చేతికర్ర ఉన్న ఒక ముసలాయన లేచి అతనికి సీటిచ్చాడు. పక్కనున్న పెద్దావిడ తన నువ్వుల సిమిట్ రొట్టెలో సగం తుంచి, "తిను నాయనా, ఒంట్లో సత్తువుండాలి," అంది. ఇస్తాంబుల్‌లో మర్యాద ఇంకా బతికే ఉందని వేదాత్ సంతోషించాడు.

బడి గుమ్మంలో టీ కాచే దుర్సున్ ఎదురయ్యాడు. చేతిలో ట్రే ఒరిగి రెండు గ్లాసులు కింద పడ్డాయి.

"మాస్టారూ! మీరా!"

"నేనే. ఒక టీ పట్రా."

"టీ వద్దు మాస్టారూ, మీకిప్పుడు పడదు. పువ్వుల కషాయం పెడతాను. మా అత్త ఆఖరి రోజుల్లో అదే తాగింది," అని ముక్కు తుడుచుకుంటూ దుర్సున్ తిన్నగా హెడ్మాస్టరు గదిలోకి పరుగెత్తాడు.

రెండు నిమిషాల్లో హెడ్మాస్టరు హల్దూన్ అతన్ని లోపలికి పిలిచి, తలుపు వేసి, గట్టిగా కౌగలించుకున్నాడు. హల్దూన్‌కి వెండిలా మెరిసే ఉంగరాల జుట్టుంది. దాన్ని ఆయన గంటకోసారి దువ్వుతాడు. బడికి జెండా ఎంతో ఆయనకి ఆ జుట్టు అంత.

"నా దగ్గర దాచకండి మాస్టారూ. నాకు తెలిసిపోయింది."

క్లినిక్ మెయిన్ రోడ్డు మీదే ఉంది కాబట్టి ఎవరో చూసి చెప్పేశారనుకున్నాడు వేదాత్. తలదించుకుని, "క్షమించండి సార్, సిగ్గేసి చెప్పలేదు," అన్నాడు.

"ఇందులో సిగ్గేమిటి? డాక్టర్లేమంటున్నారు?"

"బాగానే జరిగిందన్నారు సార్. కాకపోతే వచ్చే నెలలో అన్నీ రాలిపోతాయట. అందరికీ అంతేనట. అసలు ఫలితం తెలియాలంటే ఏడాది ఆగాలన్నారు."

"ఏడాదేనా!"

"కొందరికి ఏడాదిన్నర కూడా పట్టొచ్చట. మా పెదనాన్న కొడుక్కీ చేశారు సార్. పాపం, వాడికి మొత్తం పోయింది."

హల్దూన్ జేబురుమాలు తీశాడు. "ఆపరేషన్ చాలాసేపు పట్టిందా?"

"ఎనిమిది గంటలు. మెలకువగానే ఉన్నాను. మధ్యలో లేపి కూర్చోబెట్టి పప్పు సూపిచ్చారు. రెండు గిన్నెలు తాగాను."

"తల కోస్తుంటే సూపు తాగారా! మీ గుండె ధైర్యానికి దణ్ణం పెట్టాలి మాస్టారూ."

"ఎవరికీ చెప్పకండి సార్. ముఖ్యంగా గుల్‌సెరెన్ గారికి."

హల్దూన్ ఒట్టేశాడు, మాట మీద నిలబడ్డాడు కూడా. గుల్‌సెరెన్‌కి తప్ప బళ్ళో అందరికీ చెప్పాడు. ఆవిడకి మిగతావాళ్ళు చెప్పారు.

పదకొండో తరగతిలో ఆ రోజు చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం. పద్నాలుగేళ్ళ ఉద్యోగంలో వేదాత్ అలాంటి క్లాసు చూడలేదు. ముందు బెంచీలో బెర్రిన్ అనే అమ్మాయి కళ్ళు తుడుచుకుంటూ నోట్సు రాసుకుంది. పాఠం బాగా కుదిరిందని మాస్టారు మురిసిపోయాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక మళ్ళీ అదే క్లాసుకి వెళ్ళేసరికి, పదిహేడు మంది మగపిల్లలు నున్నటి గుండ్లతో లేచి నిలబడ్డారు.

"ఏంట్రా ఇది!"

"మీ కోసమే మాస్టారూ," అన్నాడు వెనక బెంచీవాడొకడు. "మీరొక్కరే అలా ఉండకూడదని ఎదురుగా మంగలి షాపుకెళ్ళొచ్చాం. మా బాబాయికీ క్యాన్సర్ వచ్చినప్పుడు మా ఇంట్లో అందరం ఇలాగే చేశాం. ఇప్పుడాయన దిట్టంగా ఉన్నాడు. మీకూ తగ్గిపోతుంది."

సుద్దముక్క వేదాత్ చేతిలోంచి జారిపోయింది. పువ్వుల కషాయం, కౌగలింత, పడవలో సిమిట్ ముక్క, అన్నీ ఒక్కసారిగా కళ్ళముందు తిరిగాయి. నిజమైన కష్టం చూసిన పిల్లవాడు తనకి ధైర్యం చెబుతుంటే, పింగాణీ రంగు కింద అతని ముఖం మండిపోయింది. ఇంక ఒక్క నిమిషం కూడా ఆగకూడదనుకుని హెడ్మాస్టరు గదికి పరుగెత్తి తలుపు తోశాడు.

హల్దూన్ కుర్చీలో దుప్పటి కప్పుకుని కూర్చున్నాడు. మంగలి ఆఖరి కత్తి వేటు వేస్తున్నాడు. వెండి ఉంగరాలన్నీ నేల మీద కుప్పగా పడి ఉన్నాయి.

"పిల్లలు చేసినంత కూడా నేను చెయ్యలేనా మాస్టారూ?" అన్నాడు హల్దూన్. "ముప్ఫయ్యేళ్ళుగా దీన్ని పెంచాను. పోతే పోయింది. ఏదో చెప్పాలని వచ్చినట్టున్నారు?"

"ఏం లేదు సార్," అని వేదాత్ తలుపు మూసేశాడు.

వరండాలో గుల్‌సెరెన్ నిలబడి ఉంది. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి.

"నేను ఇజ్మీర్ వెళ్ళడం లేదు. ఇప్పుడే ఆఫీసుకెళ్ళి దరఖాస్తు వెనక్కి తీసేసుకున్నాను."

మూడేళ్ళుగా వినాలనుకున్న మాట అది. ఇంత అన్యాయమైన దారిలో వస్తుందని అతను అనుకోలేదు.

"గుల్‌సెరెన్ గారూ, నాకే జబ్బూ లేదండీ."

"మొదట్లో అందరూ అలాగే అంటారట."

"నిజంగానే లేదు!"

"లేదు, లేదు. అలాగే అనుకోండి, మంచిదే. ఆస్పత్రికి మీతో నేనొస్తాను. మీ అక్కయ్యకి మోకాళ్ళ నొప్పులు కదా," అని అతని చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

మూడు గంటలకి బడినంతటినీ హాల్లో సమావేశపరిచారు. మే నెల ఉక్క. కిటికీలు సగం తెరుచుకోవు, పైకప్పు నాలుగేళ్ళుగా కారుతోంది. మైకు ముందు గుండుతో నిలబడిన హల్దూన్, కొత్త ప్రయోగశాలకి వేదాత్ పేరు పెడుతున్నట్టు ప్రకటించాడు. ఇక లాభం లేదని వేదాత్ వేదిక ఎక్కి మైకు లాక్కున్నాడు.

"అందరూ వినండి! నాకే జబ్బూ లేదు! నేను పూర్తి ఆరోగ్యంగా ఉన్నాను!"

హాలంతా లేచి నిలబడి అయిదు నిమిషాలు చప్పట్లు కొట్టింది. ఇంత ధైర్యం ఆ బడి ఎన్నడూ చూడలేదు. ఉక్కకీ దిగులుకీ వేదాత్‌కి కళ్ళు తిరిగి, ఒళ్ళు ఊగింది.

"పడిపోతున్నారు! కొలోన్, కొలోన్!" అని అరుస్తూ దుర్సున్ నిమ్మ కొలోన్ అత్తరు సీసాతో వేదికెక్కాడు. చేతినిండా ఒంపుకుని మాస్టారి నుదుటి మీద, నెత్తి మీద గబగబా రుద్దేశాడు. మాస్టారు మంటకి కెవ్వుమన్నాడు. దుర్సున్ కంగారుగా తెల్ల తువ్వాలుతో తుడిచాడు. తువ్వాలు ముందు పింగాణీ రంగుకి తిరిగింది, తర్వాత ఆకుపచ్చకి తిరిగింది. దాని కింద నుంచి ఎర్రటి నెత్తి, దాని మీద వరసగా, బారుగా, నారు పోసినట్టు చిన్న చిన్న మొలకలు బయటపడ్డాయి.

ఇస్తాంబుల్‌లో ఆ నెత్తిని గుర్తుపట్టనివాళ్ళుండరు. జుట్టు నాటించుకోవడానికి దేశదేశాల వాళ్ళు అక్కడికే వస్తారు, విమానాశ్రయం నిండా అవే నెత్తులు.

"అయ్యో!" అంది ముందు వరసలో బెర్రిన్. "మాస్టారు జుట్టు నాటించుకున్నారు!"

పదిహేడు చేతులు పదిహేడు గుండ్ల మీదికి వెళ్ళాయి. పద్దెనిమిదో చెయ్యి హల్దూన్‌ది. ఎవరూ నవ్వలేదు, అదే భయంకరంగా ఉంది. గుల్‌సెరెన్ నెమ్మదిగా వేదిక దగ్గరికి వచ్చింది.

"ఎందుకిదంతా?"

"మిమ్మల్ని పెళ్ళి చేసుకోమని అడుగుదామని. జుట్టు లేకుండా అడగడానికి మొహం చెల్లక."

"స్టాఫ్ రూమ్ మొత్తంలో అబద్ధం చెప్పని తల అదొక్కటే అనుకున్నాను," అని ఆవిడ సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

సోమవారం మెమో వస్తుందని వేదాత్ సిద్ధపడ్డాడు. అంతకుముందే పిల్లలకి క్షమాపణ చెప్పాడు. వెనక బెంచీ పిల్లవాడి దగ్గరికి వెళ్ళి విడిగా చెప్పాడు. "మా బాబాయికి చెప్తే పడీ పడీ నవ్వాడు మాస్టారూ," అన్నాడు వాడు. అయితే పిల్లల జుట్టు మళ్ళీ పెరిగేదాకా పరీక్ష పెట్టనని క్లాసంతా కలిసి అతని చేత ఒట్టు వేయించుకుంది.

మధ్యాహ్నం హల్దూన్ పిలిచాడు. టేబుల్ మీద మెమో టైపు చేసి ఉంది.

"పొద్దున విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళాను," అన్నాడు ఎటో చూస్తూ. "నన్ను చూడగానే డైరెక్టరు లేచి నిలబడ్డాడు. కుర్చీ ఆయనే లాగి వేశాడు. నాలుగేళ్ళుగా కదలని పైకప్పు ఫైలు మీద అక్కడికక్కడే సంతకం పెట్టాడు. ఫ్యాన్లు కూడా ఇస్తానన్నాడు."

"వాళ్ళకి జబ్బని చెప్పారా సార్?"

"నేను నోరు విప్పలేదు. అదే మీకూ నాకూ తేడా," అని హల్దూన్ మెమోని నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాడు.

గుల్‌సెరెన్ మాత్రం అయిదు వారాలు అతనితో మాట్లాడలేదు. బదిలీ పోయింది, ఇజ్మీర్‌లో చూసుకున్న ఇల్లు పోయింది. వరండాలో ఎదురైతే నోటీసు బోర్డు చదివేది. ఈలోగా క్లినిక్ వాళ్ళు చెప్పినట్టే నాటిన జుట్టు రాలడం మొదలైంది. రోజూ దిండు మీద కొన్ని, తువ్వాలులో కొన్ని. జూన్ మధ్యకి ఎరుపు పోయింది, మొలకలూ పోయాయి. చెవుల చుట్టూ పాత వెంట్రుకలు మళ్ళీ వచ్చాయి. వేదాత్ అచ్చం పాత వేదాత్ అయ్యాడు, కాస్త చిక్కాడంతే.

సెలవులిచ్చే రోజున అతను ప్రయోగశాలలో సీసాలు సర్దుతుంటే గుల్‌సెరెన్ లోపలికి వచ్చి బల్ల మీద కూర్చుంది.

"నా మొదటి మొగుడికి నల్లటి జుట్టు, ఇంత ఒత్తు," అంది ఉపోద్ఘాతం లేకుండా. "రోజూ గంటసేపు అద్దం ముందుండేవాడు. నేను ఇంట్లోంచి వెళ్ళిపోయిన నాలుగో రోజుకి గానీ అతనికి తెలియలేదు. అది మొదలు జుట్టున్న మగాడిని చూస్తే నాకు ఒళ్ళు మంట. ఈ బళ్ళో చేరిన రోజున మీ తల చూసి ప్రాణం హాయిగా అనిపించింది. మూడేళ్ళు చూశాను, మీరు నోరు విప్పలేదు. అందుకే ఇజ్మీర్‌కి పెట్టుకున్నాను."

వేదాత్ చేతిలో సీసాని జాగ్రత్తగా కింద పెట్టాడు.

"ఇంకా కోపంగానే ఉందా?" అన్నాడు చివరికి.

"ఉంది. చాలా రోజులుంటుంది. ఇప్పుడు మాత్రం బాగున్నారు." ఆవిడ అతని నెత్తిని పరీక్షగా చూసింది. "మళ్ళీ మొలుస్తాయా ఇవి?"

"సెప్టెంబరులో మొదలవుతాయన్నారు."

"అయితే పెళ్ళి ఆగస్టులో పెట్టుకుందాం."

ఆగస్టు పద్దెనిమిదిన పెళ్ళయింది. నవంబరుకే జుట్టు, క్లినిక్ వాళ్ళు చెప్పిన ఏడాది కంటే ముందే, ఒత్తుగా మొలిచింది. ఆదివారం ఆదివారం గుల్‌సెరెన్ దాన్ని స్వయంగా గొరుగుతుంది.