ఎర్రయ్యమ్మ ఇంట్లో కరెంటు ఉంది

జీలుగువలసలో సెల్‌ఫోన్లకు మనుషుల చెవి నుంచే ఛార్జింగ్ పెడతారు. ఊరికి టవరు వచ్చింది గానీ కరెంటు తీగ రాలేదు. కమ్మ తీసేసిన రంధ్రంలో పిన్ను గుచ్చుకుని కదలకుండా కూర్చుంటే చాలు, ఫోను నిండుతుంది. మగవాళ్లకూ కుట్టిన చెవులున్నాయి. అయితే వాళ్లు పొలం పనికి వెళ్లాలి కనుక ఆడవాళ్ల చెవులే వాడాలని పెద్దలు తీర్మానించారు. ఆడవాళ్లూ పొలం పనికి వెళతారు. ఆ సంగతి తీర్మానంలోకి రాలేదు.

ఎర్రయ్యమ్మకు ఒక్క బల్బు కావాలి. పసిపిల్లను పడుకోబెట్టే మూలలో తేళ్లు తిరుగుతున్నాయి. అందుకే కరెంటు కోసం అర్జీ పెట్టింది. తనిఖీకి వచ్చే ముందు అధికారి ఫోన్ చేస్తాడు. ఎత్తకపోతే ఆ ఇంట్లో మనుషులు లేరని అర్జీ కొట్టేస్తారు. కాబట్టి పిల్లకు పాలిచ్చే వేళ తప్ప మిగతా వేళంతా ఆమె చెవికి పిన్ను పెట్టుకునే ఉంది.

అధికారి వచ్చాడు. ఎర్రయ్యమ్మ మొగుడి పేరు తౌడు. అతను మంచం వాల్చాడు. ఇంటికొచ్చినవాళ్లకు ఆ ఊళ్లో ముందు మంచినీళ్లిస్తారు, తర్వాత చెవి ఇస్తారు.

"బాబూ, తమరి ట్యాబులో ఛార్జింగుందేటి?" అని అడిగింది ఎర్రయ్యమ్మ.

"అయిపోవస్తోందమ్మా. మీ వివరాలు ఎక్కించేదాకా ఆగేలా లేదు."

"అయ్యో, మరి సెప్పరేటి! ఈ ఎడం సెవి కాళీగానే ఉంది, ఎట్టండి."

అధికారి పెట్టాడు. ట్యాబులో పచ్చగీత పైకి పాకింది. ఆయన సంతోషించి మొదటి వివరం నమోదు చేశాడు. ఇంట్లో కరెంటు ఉంది. పాయింట్లు రెండు.

"అదేటి బాబూ! కరెంటు నేదనే కదా తమర్ని రప్పించినాం!"

"లేకపోతే ఇది ఎలా ఎక్కుతోందమ్మా? నన్ను అబద్ధం రాయమంటావా?"

తౌడు పెళ్లాన్ని కసిరాడు. "నీకు మర్యాదెక్కువే. మంచినీల్లతో ఆగనేకపోయావా?"

"తేల్లొస్తన్నాయి బాబూ. పసిగుంట ఉంది," అందామె.

"ఫోనుకు లైటుంటుంది కదమ్మా. కరెంటున్న ఇంట్లో చీకటేమిటి?" అని అధికారి పక్కింటికి నడిచాడు. పక్కింటావిడ అప్పటికే కమ్మ తీస్తోంది.

పొద్దు గూకింది. పిల్ల ఉలిక్కిపడి ఏడ్చింది. తౌడు ఫోను లైటు వేసి మూలంతా వెతకసాగాడు. తీగ రెండో కొస ఎర్రయ్యమ్మ చెవిలో ఉంది. ఆమెకు కళ్లు తిరిగాయి. గోడకు జారగిలబడింది.

"ఎలుతురు తగ్గిపోతంది. సరిగ్గా కూకోవే!" అన్నాడు తౌడు.

ఆమె సరిగ్గా కూర్చుంది.