స్టార్ట్ కాని రంపమే కొనండి

పెట్రోల్ రంపం కొనదలచుకుంటే స్టార్ట్ కాని రంపమే కొనండి. మీ మేలు కోరి చెబుతున్నాను. తాడు లాగగానే బర్రుమని లేచే రంపం ఎవరికీ అచ్చిరాదు!

నవ్వకండి. రంపానికి శక్తి ఎంత, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అని ఈమధ్య అందరూ అడుగుతున్నారు. అడగరా మరి? ఖతర్‌లో చమురు డబ్బు పొంగి పొర్లుతోంది. నిన్న ఇసుక ఉన్నచోట నేడు విల్లా, రేపు ఆ విల్లా ముందు తోట. నీళ్ళకంటే పెట్రోలు చవక. ఇలాంటి దేశంలో ఇంకా చేత్తో చెట్లు కొట్టడమా? నామోషీ కాదూ!

అందుకే సత్యనారాయణమూర్తిగారు రంపం కొన్నారు. ఆయనది రాజోలు. మదీనత్ అల్ షమాల్ దారిలో ఉన్న ఒక ఖర్జూర తోటకు సూపర్‌వైజరు. తోట యజమాని అరబ్బును అందరూ అర్బాబు అంటారు. రంపం మాత్రం మూర్తిగారి సొంతం, కాబట్టి దాని మీద ఆయనకు కన్నబిడ్డ మీద ఉన్నంత ప్రేమ.

ముందు శక్తి సంగతి చెబుతాను. ఆ రంపం వచ్చిన రోజే ముగ్గురు మనుషులను ఎత్తి అవతల పారేసింది! అంతకుముందు తోటలో ఎండు మట్టలు కొట్టడానికి నలుగురుండేవారు. మెషిన్ ఉండగా నలుగురెందుకని ముగ్గురిని రోడ్డు పనికి పంపేశారు. ఇంకా పెట్టెలోంచి బయటికి రాకుండానే ఇంత పని చేసిన మెషిన్ మీరెక్కడైనా చూశారా?

మిగిలినవాడు లింబాద్రి. భీంగల్ దగ్గరి పల్లె అతనిది, తాతల నాటి నుంచి కల్లు గీసే కుటుంబం. ఊళ్ళో ఈతచెట్టుకు ఇక్కడి ఖర్జూరం చెట్టు అన్న వరస అవుతుంది కనుక చూడగానే చుట్టరికం కలిసిపోయింది. పాత తాళ్ళు పేని చెట్టెక్కే మోకు తనే చేసుకున్నాడు. మొదటి రోజు చెట్టు మొవ్వు దగ్గర కత్తి పెట్టాడో లేదో, చెయ్యి తనంతట తానే కల్లు గీతకు వంగింది. కింద నుంచి పికప్ డ్రైవరు జహాంగీర్ చూశాడు. అతనిది నిజామాబాదు.

"లింబాద్రి భాయ్, గా గీత గీస్తివంటే ఇద్దర్ని జైల్ల ఏస్తరు" అన్నాడు.

లింబాద్రి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కాని అన్ని చెట్లు ఎవరూ గీయక ఉత్తగా నిలబడి ఉండటం చూసి ఆ పూట అతనికి అన్నం సహించలేదు.

రంపం వచ్చాక అతని డ్యూటీ పేరు మారింది. ఇప్పుడు అతను మెషిన్‌కు హెల్పరు.

ఇక నమ్మకం. ప్రతి ఉదయం మూర్తిగారు రంపాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి, కాలు అదిమిపెట్టి తాడు లాగేవారు. మొదటిసారి లాగితే దగ్గేది. రెండోసారి తుమ్మేది. మూడోసారికి మౌనం. ఎప్పుడైనా బుద్ధిపుట్టి లేచినా, ఖర్జూరం పీచు గొలుసుకు చుట్టుకోగానే మళ్ళీ పడుకునేది. ఒక్క రోజైనా తీరు మార్చుకోలేదు. మనుషుల్లో ఇంత నిలకడ ఎక్కడుంది చెప్పండి?

చెట్లు మాత్రం శుభ్రమవుతూనే ఉండేవి. ఎలాగంటారా? లింబాద్రి కత్తితో. సాయంత్రం అర్బాబు కారులో వచ్చి, తలెత్తి చూసి, "మెషిన్ తమామ్" అని మెచ్చుకునేవాడు. మూర్తిగారు "తమామ్, తమామ్" అంటూ రంపం వీపు తట్టేవారు. లింబాద్రి అప్పటికింకా చెట్టు మీదే ఉండేవాడు కనుక అతని వీపు అందేది కాదు.

మధ్యాహ్నం ఎండ నెత్తికెక్కే వేళకు మూర్తిగారు కంగారు పడేవారు. "ఇంజిన్ వేడెక్కిపోయింది, చల్లారనివ్వండి" అని రంపాన్ని పికప్ నీడకు చేర్చి, తడి గోనె కప్పించేవారు. పనే చెయ్యనిది ఎందుకు వేడెక్కిందని అడగకండి. అలిగిన కొత్త అల్లుణ్ణి ఎందుకలిగావని ఎవరైనా అడుగుతారా? గోనె తడిపి తెచ్చేది లింబాద్రే. తెచ్చి కప్పి, మళ్ళీ చెట్టెక్కేవాడు.

అతనికి కావలసింది ఒక్కటే, ఛుట్టీ. ఊళ్ళో కొత్త పెంకుటిల్లు కప్పు దాకా లేచింది. అతని భార్య గౌరవ్వ మాత్రం అందులో కాలు పెట్టనంటోంది. తన మాటలు ఒక క్యాసెట్‌లో నింపి, ఊరికి పోయి వచ్చేవాళ్ళ చేత పంపింది. పికప్‌లో జహాంగీర్ పెడితే ఇద్దరూ విన్నారు.

"నువ్వు రాంది నేను పాలు పొంగియ్య. తలుపులు ఇంక వెట్టలే, మేక రోజు లోపట్నే పంటున్నది. నేను గుడిసెలనే ఉన్న. కప్పు మీది కమ్మలన్ని చివికినయి. ముసురు వట్టకముందే రా. మీ దుబాయ్ సేటుకు గౌరవ్వ చెప్పిందని చెప్పు."

గౌరవ్వ లెక్కలో ఖతరైనా దుబాయే. క్యాసెట్ చివర మేక కూడా ఒక మాట అంది. లింబాద్రి నవ్వాడు. రెండోసారి విన్నప్పుడు నవ్వు రాలేదు. ముసురు పడితే ఆ గుడిసెలో ఎక్కడెక్కడ కారుతుందో అతనికి తెలుసు. గౌరవ్వ పంతం ఎంతటిదో కూడా తెలుసు.

మరునాడు మూర్తిగారిని అడిగాడు.

"ఏవయ్యా, నువ్వెళ్ళిపోతే మెషిన్ ఎవరు చూసుకుంటారు?"

"అది నడుస్తలేదు గద సార్."

"అందుకేనయ్యా! అది నడిస్తే నిన్ను పంపకపోదునా? నువ్వేమో రాయిలా ఉన్నావు. నీకేం తొందర?"

చూశారా న్యాయం! రంపం బాగుంటే ముగ్గురు పోయారు. బాగాలేకపోతే నాలుగోవాడు పోకూడదు.

ఇంతలో మూర్తిగారు రంపాన్ని ముషైరిబ్ బజారులో ఒక రిపేరు దుకాణానికి తీసుకెళ్ళారు. మెకానిక్ విప్పి చూసి, దీన్ని తయారుచేసిన చలిదేశానికే పంపాలన్నాడు. మూర్తిగారు వెనకాడలేదు. దూదిలో చుట్టి, పెట్టెలో పెట్టి, ఎయిర్‌పోర్టుకు బయలుదేరారు. పెట్టె మోసినవాడు లింబాద్రి.

"ఎంత గట్టి మెషినైనా అప్పుడప్పుడు పుట్టిన చోటికి వెళ్ళి రావాలయ్యా. దాని ఒంటి సంగతి అక్కడివాళ్ళకే తెలుస్తుంది" అన్నారు మూర్తిగారు కళ్ళు తుడుచుకుంటూ.

విమానం కనుమరుగయ్యేదాకా లింబాద్రి చూస్తూ నిలబడ్డాడు. పొరుగువాడి భూమిని, గొడ్డును చూసి ఎన్నడూ కుళ్ళుకోని మనిషి, ఆ రోజు రంపాన్ని చూసి కుళ్ళుకున్నాడు.

వారం తిరక్కుండానే అర్బాబు చుట్టాలతో తోట చూడటానికి వస్తున్నాడని కబురొచ్చింది. ఇంకా ఒక వరస చెట్లు మిగిలి ఉన్నాయి. నడిమధ్యాహ్నం, మూర్తిగారు కింద నిలబడి తొందరపెడుతుండగా, లింబాద్రి నెమ్మదిగా చెట్టు దిగాడు. గోనె తడుపుకున్నాడు. పికప్ నీడలో, రంపం పడుకునే చోట పడుకుని, మీద కప్పుకున్నాడు.

"ఏంటయ్యా ఇది? అర్బాబు వచ్చేస్తాడు. యల్లా, యల్లా."

"స్టార్ట్ అయితలేను సార్" అన్నాడు లింబాద్రి గోనె కింద నుంచి.

మూర్తిగారు చెయ్యి పట్టి లాగారు. లింబాద్రి దగ్గాడు. మళ్ళీ లాగారు. తుమ్మాడు. మూడోసారికి మౌనం.

జహాంగీర్ వచ్చి గోనె ఎత్తి చూశాడు. నుదుటి మీద చెయ్యి పెట్టి, ముషైరిబ్ మెకానిక్ లాగే తల అడ్డంగా ఊపాడు.

"గరం అయిండు సార్. ఈడ రిపేర్ గాదు. పుట్టిన కాడికి పంపాలె. ఒంటి సంగతి ఆడ ఉండెటోళ్ళకే తెలుస్తది అని మీరే అంటిరి గద."

మూర్తిగారికి కోపం వచ్చింది. నోరు తెరిచారు. కాని తిట్టాలంటే తన మాటనే తిట్టాలి. దూరాన రోడ్డు మీద అర్బాబు కార్ల దుమ్ము లేస్తోంది. కోనసీమలో పుట్టినా ఆయనకు చెట్టెక్కడం రాదు.

"పంపిస్తే, తిరిగొచ్చాక సరిగ్గా నడుస్తావా?"

"గ్యారంటీ సార్" అని లింబాద్రి గోనె తీసేసి లేచాడు.

అర్బాబు చుట్టాలతో తోటంతా తిరిగి ఆ చెట్ల కిందకు చేరేసరికి వరస అయిపోయింది. అర్బాబు తలెత్తి చూసి, అలవాటుగా "మెషిన్ తమామ్" అన్నాడు. మూర్తిగారు మొదటిసారి చెట్టు మీదికి వేలు చూపించి, ఆ మెషిన్‌కు ఛుట్టీ కావాలన్నారు. అర్బాబు పైకి చూసి, "మాఫీ ముష్కిల్", అదేం కష్టం కాదన్నాడు.

ముసురు పట్టకముందే గౌరవ్వ పాలు పొంగించింది. మేకను మాత్రం బయటికి పంపడానికి ఇద్దరూ పట్టి లాగవలసి వచ్చింది.

"ఎవలిచ్చిండ్రు ఛుట్టీ?" అని గౌరవ్వ అడిగింది.

"రంపం" అన్నాడు లింబాద్రి.

అందుకే చెబుతున్నాను, స్టార్ట్ కానిదే కొనండి. మూర్తిగారి రంపం ఇంకా చలిదేశంలోనే ఉంది. అది ఒకవేళ బాగయి తిరిగొచ్చి, తాడు లాగగానే లేస్తే మాత్రం దాని పని అయిపోయినట్టే. తడి గోనె లేదు, నీడ లేదు, విమానం లేదు. పొద్దున ఎక్కితే సాయంత్రం దాకా చెట్టు మీదే. పనిచేసేదాన్ని కిందికి దించేది ఎవరండీ?