లోపలున్న సగంపాట

ఆ రోజు ఉదయం సగంపాట వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటి దాకా గిటార్ వాయించుకోవాలి, తొమ్మిదికల్లా పనిలో ఉండాలి, సాయంత్రం నాలుగింటికి ఓనరమ్మ వచ్చేసరికి ఇల్లు చేరి ఆవిడ ముందు చేతులు కట్టుకుని నిలబడాలి. అద్దె ఒప్పందం ఆ నెలతో ముగుస్తోంది. ఉండమంటుందో, ఖాళీ చేయమంటుందో ఆ సాయంత్రమే తేల్చేస్తానంది. గిటార్ గోల గురించి ఆవిడ ఇప్పటికే రెండుసార్లు హెచ్చరించింది. రెండోసారి కళ్లద్దాలు తీసి మరీ చెప్పింది.

సగంపాట అన్నది భార్య పెట్టిన పేరు. అతను కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పనిచేస్తాడు. వయసు నలభై నాలుగు. పద్దెనిమిదేళ్లుగా ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తున్నాడు. పాట మొదలవుతూనే గిటార్ మీద నాలుగైదు స్వరాలు గింగిరాలు తిరుగుతూ వస్తాయి చూడండి, వాయించేవాళ్లు దాన్ని రిఫ్ అంటారు. అలాంటివి అతనికి ఇరవై ఆరు వచ్చు. ఏది ఎత్తుకున్నా వింటున్నవాళ్ల ఒళ్లు ఝల్లుమంటుంది. సరిగ్గా అక్కడ ఆపి ఇంకోటి ఎత్తుకుంటాడు. మొదటినుంచి చివరిదాకా వచ్చిన పాట ఒక్కటీ లేదు.

"జనానికి ముప్పై రెండు పళ్లూ కట్టి పంపిస్తారు గదా, పాట దగ్గరికొచ్చేసరికి ముందుపళ్లు నాలుగుతోనే సరిపెడతారేం?" అని భార్య అడిగేది. ఆవిడ బడిలో సైన్సు టీచరు. ప్రశ్న అడిగితే జవాబు రావాలనుకునే మనిషి.

ఆ ఉదయం వాయిస్తున్నది ఇరవై ఏడోది. సొంతంగా తట్టింది. ఒకదాని కిందికి ఒకటి దిగే ఐదు స్వరాలు. చీకట్లో ఎవరో మెట్లు దిగుతూ వచ్చి, ఆరో మెట్టు ఉందో లేదో తెలియక కాలు గాల్లోనే ఉంచేసినట్టు ఉంటుంది. ఆ కాలు ఎక్కడ పెట్టాలో నాలుగు రోజులుగా అతనికి అంతుబట్టడం లేదు. చుట్టుపక్కలవాళ్లకి వినపడకుండా హెడ్‌ఫోన్లు పెట్టుకుని, గిటార్‌కి తగిలించడానికి ఆదివారం కొన్న కొత్త పెడల్ మీద కాలు ఉంచి, తీగ ఎక్కడో జీరపోతోందని గిటార్ మీదికి మొహం ఆన్చి మరీ వంగి చూస్తున్నాడు.

"ఏమండీ! బస్సు వెళ్లిపోతుంది!" అని హాల్లోంచి భార్య కేక వేసింది.

"ఒక్క నిమిషం... వస్తున్నా!" అని వంగినవాడు వంగినట్టే అరిచాడు. పెడల్‌ను కాలితో ఒక నొక్కు నొక్కి, హెడ్‌ఫోన్లు కుర్చీ చేతిమీద పడేసి పరిగెత్తాడు. ఇద్దరూ ఎనిమిదిన్నరకి తలుపు తాళం వేసి వెళ్లిపోయారు.

పదకొండు దాటాక ల్యాబులో అతను గిన్నెలో ప్లాస్టర్ కలుపుతుండగా ఫోను మోగింది. ఎదురింటి బాబాయిగారు. ఆయన రిటైరైన స్టేషన్ మాస్టరు. పొద్దున్నే తొమ్మిదింటికి తన గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంటే, ఆ అంతస్తులో వచ్చేపోయే ప్రాణులన్నీ ఆయన అనుమతితో కదలాల్సిందే.

"ఏమయ్యా, తలుపు తీయవేం?" అన్నాడాయన.

"నేను పనిలో ఉన్నాను బాబాయిగారూ."

"పనిలో ఉంటే ఇంట్లో వాయిస్తున్నదెవరు? కొరియరతను వచ్చి, నిలబడి నిలబడి కాళ్లు నొప్పెట్టి పోయాడు. రావడం ఇష్టం లేకపోతే రానని చెప్పాలి. తలుపు కొట్టినప్పుడల్లా వస్తున్నా, వస్తున్నా అనడం దేనికి?"

"నేనా? వస్తున్నా అన్నానా?"

"కావాలంటే నువ్వే విను," అని ఆయన ఫోను తీసుకెళ్లి తలుపుకి ఆనించాడు.

సగంపాట విన్నాడు. ఐదు స్వరాలు మెల్లగా కిందికి దిగాయి. ఆగాయి. మళ్లీ దిగాయి. మళ్లీ ఆగాయి. ఈసారి ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దంలోంచి, లోతైన నూతి అడుగున రేకుడబ్బాలో నోరుపెట్టి పిలిచినట్టు, ఒక గొంతు పలికింది. "ఒక్క నిమిషం... వస్తున్నా..."

అది తన గొంతే. పొరపాటు పడడానికి లేదు. గిన్నెలో ప్లాస్టర్ గట్టిపడి, కలిపే గరిటె అందులో నిటారుగా నిలబడిపోయింది. అతను గమనించలేదు.

"దొంగేమో బాబాయిగారూ," అన్నాడు సగంపాట.

"దొంగకి నీ గొంతు ఎందుకయ్యా? తొమ్మిదింటి నుంచి నేనిక్కడే ఉన్నాను. ఈగ కూడా లోపలికి పోలేదు. పదిన్నర దాకా చడీచప్పుడు లేదు. అప్పుడు లోపల ఏదో దభీమని కింద పడింది. ఆ తర్వాతే మొదలైంది ఇదంతా." ఆయన గొంతు బాగా తగ్గించాడు. "బాబూ... ఇవాళ నువ్వు ఇంట్లోంచి బయటికి రావడం నేను చూడలేదు."

ఫోను పెట్టేసి బాబాయిగారు బడికి ఫోను చేశాడు. సగంపాట భార్య స్టాఫ్ రూములో పరీక్ష పేపర్లు దిద్దుతోంది.

"లోపల వినపడుతున్నది ఆయన గొంతేనా?" అని అడిగింది.

"ముమ్మాటికీ."

"వస్తున్నా అన్నారా?"

"ఇరవైసార్లు అన్నాడమ్మా."

"అయితే ఏం కంగారులేదు బాబాయిగారూ. పనికి ఎగనామం పెట్టి బస్సు దిగి వెనక్కి వెళ్లిపోయుంటారు. ఆ మాట అన్నాక మనిషి రావడానికి ముప్పావుగంట పడుతుంది," అని ఆవిడ మళ్లీ పేపర్లలో పడింది.

కట్టుకున్న భార్యే లోపలున్నది మొగుడని తేల్చి చెప్పాక స్టేషన్ మాస్టరు మనసులో పట్టాలు మారిపోయాయి. లోపలున్నది అతనే. పదిన్నరకి కింద పడింది కూడా అతనే. మరి ల్యాబులో ఫోనెత్తింది ఎవరు? ఆయన ఆ ప్రశ్నని మొదట తనలో తాను వేసుకున్నాడు, తర్వాత మెట్ల దగ్గర నిలబడి, ముప్పై ఏళ్లు రైళ్ల రాకపోకలు చెప్పిన గొంతుతో నాలుగు అంతస్తులకీ వేశాడు. పావుగంటలో వరండా నిండిపోయింది. ఎవరో తాళాలు బాగుచేసేవాడిని పిలిచారు. ఎవరో ఓనరమ్మకి చెప్పారు. స్టేషన్ మాస్టరు ల్యాబు యజమానికి ఫోను చేసి, "మీ దగ్గర కూర్చున్నతన్ని ఒకసారి ముట్టుకుని చూడండి," అన్నాడు.

యజమాని వెనకనుంచి వచ్చి సగంపాట భుజాన్ని ఒక్క వేలితో తాకి, వేలు చూసుకున్నాడు. తెల్లగా అంటుకుంది.

"మీరు ఇవాళ సెలవు తీసుకోండి," అన్నాడు వెనక్కి వెనక్కి నడుస్తూ.

"నేను అడగలేదు గదా సార్."

"అడక్కపోయినా తీసుకోండి."

అతను చేతులైనా కడుక్కోకుండా బస్సెక్కాడు. మధ్యాహ్నం కావస్తున్నా బయట మబ్బు కమ్మి మసకమసకగా ఉంది. బస్సు నిండా జనం ఉన్నా అతని పక్క సీటులో ఎవరూ కూర్చోలేదు. ఎవరూ పలకరించలేదు. పొద్దున్నుంచి తిండి తినలేదని గుర్తొచ్చింది. ఆకలి మాత్రం లేదు. ఎందుకు లేదు? కిటికీ అద్దంలోకి చూస్తే ప్లాస్టర్ దుమ్ముతో పాలిపోయిన మొహం, తెల్లటి కనుబొమ్మలు కనిపించాయి. అద్దంలో కనిపించడం మంచి సంగతా, చెడ్డ సంగతా అని అతను ఒక స్టాపు దాకా ఆలోచించి, తేల్చుకోలేక గట్టిగా గిల్లుకున్నాడు. నొప్పి పుట్టింది. అంతగా పుట్టలేదేమో అని మళ్లీ గిల్లుకున్నాడు.

ఈలోగా వరండాలో పని ఒక్క అడుగు ముందుకు సాగలేదు. తాళాలతను సంచి విప్పి, ఊచ తీసి, తాళం దగ్గర మోకాళ్లమీద కూర్చుంటాడు. లోపల్నుంచి "ఒక్క నిమిషం... వస్తున్నా..." అని వినపడుతుంది. ఊచ దించి లేచి నిలబడతాడు. ఇలా తొమ్మిదిసార్లయింది.

"పగలగొట్టవయ్యా బాబూ!" అంది ఓనరమ్మ.

"ఎట్లా పగలగొట్టమంటారమ్మా? లోపల మనిషి ఇంత మర్యాదగా వస్తున్నానంటుంటే!"

సరిగ్గా అప్పుడే మెట్లమీద అడుగుల చప్పుడైంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. ఆగింది. సగంపాట ఆయాసం తీర్చుకోవడానికి ఆగాడు, అంతే. కానీ వరండాలో ఉన్నవాళ్లందరి గుండెలూ అతనితోపాటు ఆగాయి. పైన ట్యూబులైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. ఆ వెలుగులో నెత్తినుంచి మోచేతుల దాకా తెల్లగా ఉన్న ఒక ఆకారం మెట్ల చివర నిలబడి ఉంది. అదే క్షణంలో తలుపు వెనకనుంచి దాని గొంతు పలికింది: "వస్తున్నా..."

ఓనరమ్మ కళ్లద్దాలు తీసేసింది, చూడాల్సిన అవసరం లేకుండా. స్టేషన్ మాస్టరు గోడ పట్టుకుని, "బాబూ... ఇద్దరిలో నువ్వు... ఏ నువ్వు?" అన్నాడు.

"నేనే బాబాయిగారూ," అన్నాడు సగంపాట. అన్నాడే గాని ఆ మాట మీద అతనికే గట్టి నమ్మకం లేదు. జనం గోడలకి అతుక్కుని దారిచ్చారు. నడిచివెళ్లి, జేబులో తాళంచెవి ఉన్న సంగతే మరిచిపోయి, తన ఇంటి తలుపు తనే కొట్టాడు.

"ఒక్క నిమిషం... వస్తున్నా..."

అతను చప్పున వెనక్కి జరిగి, చేతులు దగ్గరికి పెట్టుకుని నిలబడ్డాడు. తలుపుకి ఇవతల నిలబడి ఆ మాట వినడం అతనికి ఇదే మొదటిసారి. ఎంత భరోసాగా ఉందో ఆ గొంతు! గడియ తీయబోతున్నట్టే ఉంది. తలుపు తెరుచుకుంటే అక్కడ నిలబడేది ఎవరు, అప్పుడు తను ఎక్కడికి పోవాలి అనుకున్నాడు. అయినా ఎదురుచూశాడు. ఐదు స్వరాలు దిగాయి. ఆగాయి. ఎవరూ రాలేదు.

"రాడు బాబూ. అట్లాగే అంటాడు గాని రాడు," అంది ఓనరమ్మ జాలిగా. ఆవిడ మాట్లాడుతున్నది ఎవరితోనో ఆవిడకే తెలియదు.

చివరికి వెతుక్కుని తాళంచెవి తీశాడు. తాళాలతను సంచి సర్దుకుని రెండు మెట్లు దిగి నిలబడ్డాడు. తలుపు తెరుచుకుంది. హాలు ఖాళీ. లోపలి గదిలో కిటికీ తెర గాలికి ఎగురుతోంది. హెడ్‌ఫోన్లు కుర్చీమీదినుంచి కిందపడి ఉన్నాయి, వాటి తీగ స్పీకరు పెట్టెలోంచి ఊడి ఉంది. నేలమీద కొత్త పెడల్ మీద ఎర్రదీపం ఒకటి కన్ను కొడుతోంది.

సగంపాట దాన్ని చాలాసేపు చూశాడు. తర్వాత వెనక్కి తిరిగి, గుమ్మంలో ఒకరి భుజం మీదినుంచి ఒకరు తొంగిచూస్తున్న జనానికి సంజాయిషీ చెప్పుకున్నాడు. ఆ పెడల్‌ని ఒకసారి నొక్కితే వాయించినదాన్ని పట్టుకుంటుంది. ఇంకోసారి నొక్కితే పట్టుకున్నదాన్ని ఆపమనేదాకా మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. పొద్దున ఆపానని అనుకున్నాడు గాని మొదలుపెట్టి వెళ్లాడన్నమాట. పదిన్నర దాకా అది హెడ్‌ఫోన్లలో వాయించుకుంది. గాలికి అవి కిందపడి తీగ ఊడేసరికి స్పీకరులోంచి మొదలైంది. గిటార్ పాతది, తీగల కింద శబ్దాన్ని పట్టే అయస్కాంతం బిళ్ల వదులైంది, దానికి మొహం ఆన్చి అరిస్తే అరుపును కూడా పట్టేసింది.

చెప్పడం పూర్తిచేసి, పెడల్‌ను కాలితో రెండుసార్లు నొక్కాడు. ఐదో స్వరం దగ్గర చప్పుడు తెగిపోయింది.

ఇక తిట్లు మొదలవుతాయని తల వంచుకున్నాడు. ఎవరూ కదల్లేదు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు.

"తర్వాత?" అన్నాడు స్టేషన్ మాస్టరు.

"తర్వాత అంటే?"

"ఐదు వచ్చాయి గదయ్యా. ఆ తర్వాత ఏమొస్తుంది? పదిన్నర నుంచి బండి సిగ్నలు దగ్గరే ఆగి ఉంది. స్టేషన్లోకి తీసుకురా!"

"నాకు... తెలీదండీ. అక్కడిదాకే వచ్చు."

వరండా పొడుగునా ఒక మూలుగు వినిపించింది. ఓనరమ్మ కళ్లద్దాలు పెట్టుకుని లోపలికొచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది. "ఇది ఇట్లా వదిలేసి పోతే నాకు అన్నం సయించదు. పూర్తిచేయండి."

పద్దెనిమిదేళ్లలో అతన్ని ఎవరూ ఆ మాట అడగలేదు. ఆపమన్నవాళ్లే గాని పూర్తిచేయమన్నవాళ్లు లేరు. ప్లాస్టర్ చేతులతోనే గిటార్ అందుకున్నాడు. ఐదు దిగి, ఇంకోటి దిగాడు. జనం తలలు అడ్డంగా ఊపారు. మరోచోట దిగాడు. తాళాలతను మొహం చిట్లించాడు. తెల్లటి నుదుటి మీదినుంచి చెమట చారలు కట్టింది.

"కిందికే ఎందుకు దిగుతారు? పైకి వెళ్లండి," అంది గుమ్మంలోంచి ఒక గొంతు. భార్య. ముప్పావుగంట దాటినా మనిషి తలుపు తీయలేదని తెలిసి, ఆవిడ కూడా బడి మధ్యలో వచ్చేసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు, కానీ గొంతు మాత్రం క్లాసులో ఉన్నట్టే ఉంది.

అతను ఆవిడ కళ్లలోకి చూస్తూ ఐదు దిగి, ఒక్కసారిగా రెండు పైకెక్కి, అక్కడ వేలు నిలిపాడు. స్వరం గదిలో నిండుగా కుదురుకుంది. మొత్తం వరండా ఒకేసారి ఊపిరి వదిలింది. ఓనరమ్మ కళ్లు తుడుచుకుని, సంచిలోంచి ఒప్పందం కాగితాలు తీసి, అక్కడికక్కడే సంతకం పెట్టింది. పెట్టేముందు కింద ఒక కొత్త షరతు సొంత చేత్తో రాసింది: అద్దెకున్నవారు మొదలుపెట్టిన ప్రతి పాటా తప్పనిసరిగా చివరిదాకా వాయించవలెను.

ఆ షరతు ప్రకారం ఇప్పటికి నాలుగు పాటలు పూర్తయ్యాయి. చుట్టుపక్కల మూడు కుటుంబాలు ఇళ్లు ఖాళీ చేశాయి.